శెనక్కాయ చేనులో దొరికిన ట్రైకోడెర్మాకు 50 లక్షల గ్రాంటు: దరఖాస్తు యాడ దెబ్బతింటాది?

హోస్ట్: అందరికీ నమస్కారం. అనంతపురం నుంచి మాట్లాడతాండాం. శ్రీకృష్ణదేవరాయ (ఎస్కేయూ), యోగి వేమన, రాయలసీమ యూనివర్సిటీ ల్యాబుల్లో జరిగే పని పేపరుతోనే ఆగిపోకుండా అంగడి దాకా రావల్లంటే గ్రాంటు ఎట్ల అడగల్ల? ఈ పూట మాట అదే. పేటెంట్లు, గ్రాంటు దరఖాస్తులు చూసే అక్క మనతో ఉన్నారు. ఒక ఉదాహరణ పెట్టుకుందాం అక్కా. మన శెనక్కాయ చేను మట్టిలో ఒక ట్రైకోడెర్మా, అంటే తెగులు శిలీంధ్రాలను అణిచే మంచి శిలీంధ్రం, దొరికింది. ఎండకు తట్టుకుంటాది, పెట్రి ప్లేటులో కాండం కుళ్లు శిలీంధ్రాన్ని అణిచేసింది. దీనికి డబ్బు ఎవరిని అడగల్ల?

అతిథి: ఈ దశకు సరిగ్గా సరిపోయేది బిగ్. బయోటెక్ పనులకు డబ్బిచ్చే కేంద్ర సంస్థ బైరాక్ వాళ్లది. బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంట్ అంటారు. 50 లక్షల దాకా ఇస్తారు, 18 నెలల్లో పని ముగించల్ల. జనవరి 1న ఒకసారి, జులై 1న ఒకసారి తెరుస్తారు, నెలన్నర గడువుంటాది. అప్పు కాదు, కంపెనీలో వాటా అడగరు. మీది మిషను నమూనా అయితే కేంద్రం ఇచ్చే 10 లక్షల నిధి ప్రయాస్ పథకం చూడండి. సేద్యానికి సంబంధించింది కాబట్టి కేంద్ర వ్యవసాయ శాఖ పథకం ఆర్‌కేవీవై రఫ్తార్ కూడా ఉంది, అందులో సీడ్ దశకు 25 లక్షల దాకా వస్తాది. మొదటి ప్రయత్నానికి నేనైతే బిగ్ అనే చెప్తా.

హోస్ట్: యూనివర్సిటీ పేరు మీద వేస్తారా?

అతిథి: లేదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇది డిపార్ట్‌మెంటు ప్రాజెక్టు కాదు. వేసేది మీరు, వ్యక్తిగా. లేదంటే మీ కంపెనీ. కంపెనీ అయితే 5 ఏళ్లు దాటకూడదు, 51 శాతం వాటా భారతీయులదే కావల్ల. ప్రొఫెసర్ కూడా వేయొచ్చు, యూనివర్సిటీ నుంచి ఎన్‌ఓసీ, అంటే మాకు అభ్యంతరం లేదనే లెటర్, తెచ్చుకోవల్ల. దరఖాస్తు పోయేది బిగ్ పార్ట్‌నర్ల, అంటే బైరాక్ తరఫున చూసే ఇంక్యుబేటర్ల ద్వారా. హైదరాబాద్ ఐకేపీ, బెంగళూరు సీ-క్యాంప్ మనకు దగ్గర.

హోస్ట్: సరే, ఫారం ముందర కూర్చున్నాం. ఏం రాయల్ల?

అతిథి: ముందు ఏం రాయకూడదో చెప్తా. డీబీటీ, ఎస్‌ఈఆర్‌బీ లాంటి కేంద్ర పరిశోధన నిధుల ప్రాజెక్టులు రాసిన చెయ్యి ఆబ్జెక్టివ్స్ దగ్గర "ఐసొలేషన్, క్యారెక్టరైజేషన్, మెకానిజం" అని రాసేస్తాది. బిగ్‌లో అది చచ్చిన దరఖాస్తు. ఈ డబ్బు మీ సందేహాలు తీర్చుకునేదానికి ఇచ్చేది కాదు. అమ్మకానికి అడ్డం నిలిచే సందేహం ఏదో ఒకటుంటాది, దాన్ని తీర్చేదానికి ఇస్తారు. ఆ సందేహం కనుక్కోవల్లంటే వెనకనుంచి రావల్ల. సరుకును ఆఖర్న ఆపేది ఎవరు? మన ట్రైకోడెర్మాకు ఇద్దరు. ఒకరు ఫరీదాబాద్‌లోని కేంద్ర పురుగుమందుల బోర్డు, రెండోది రైతు.

హోస్ట్: బోర్డు ఏం అడుగుతాది?

అతిథి: ట్రైకోడెర్మా పొడిలో గ్రాముకు కనీసం 20 లక్షల సీఎఫ్‌యూ, అంటే బతికుండి పెరగగల కణాలు, ఉండల్ల. తేమ 8 శాతం దాటకూడదు. సాల్మొనెల్లా, షిగెల్లా, ఈ-కొలై లాంటివి అసలు కనపడకూడదు. ఎలుకల మీద విషపరీక్షలు ఉంటాయి, నిల్వకాలం లెక్కలు కావల్ల. అప్పుడు మీ దరఖాస్తులో మొదటి మైలురాయి దానంతట అదే పుట్టుకొస్తాది. 40 డిగ్రీల గదిలో 6 నెలలు ఉంచిన పొట్లంలో గ్రాముకు 20 లక్షలు తగ్గకూడదు. అంకె ఉంది, గడువు ఉంది, ఫెయిల్ అయితే తెలుస్తాది. "స్టేబుల్ ఫార్ములేషన్ తయారీ" అని రాస్తే అది మైలురాయి కాదు, కోరిక.

హోస్ట్: ఇక రైతు.

అతిథి: రైతు దగ్గర లెక్క ఇంకా గట్టిది. ఎకరాకు దాదాపు 60 కిలోల విత్తనం అనుకోండి. విత్తనానికి పట్టించే రసాయన మందు టెబుకోనజోల్ పొడి కిలోకు 1 గ్రాము, అంటే ఎకరాకు 60 గ్రాములతో పని అయిపోతాది. ట్రైకోడెర్మా కిలోకు 10 గ్రాముల లెక్కన 600 గ్రాములు. పదింతల పొట్లం ఏంటికి కొనల్ల అని ఆయన అడుగుతాడు. గ్రాంటు ఎంపిక ప్యానెల్‌లో కూర్చున్నోళ్లు కూడా అదే అడుగుతారు, ఇంగ్లిష్‌లో అడుగుతారు, అంతే తేడా. పైగా రైతు రెండూ కలిపి వాడితే? టెబుకోనజోల్ శిలీంధ్రాలను చంపే మందు, మీ ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే. కలిపితే మీ సరుకు సంచిలోనే చస్తాది. రెండూ కలిస్తే మీది బతుకుతాదా అని చూసే ఈ కంపాటిబిలిటీ పరీక్ష దరఖాస్తులో లేకపోతే ప్లాంట్ పాథాలజీ రివ్యూయర్ మొదట పట్టుకునేది దాన్నే.

హోస్ట్: పోలికకు ఏం పెట్టల్ల?

అతిథి: మందు వేయని మడి ఒక్కటి పెట్టి సరిపెడతారు చాలామంది. చాలదు. నాలుగు కావల్ల. ఏమీ వేయంది, రసాయన మందు వేసింది, అంగట్లో దొరికే వేరే ట్రైకోడెర్మా వేసింది, మీది. మూడోదాని మీద మీ సరుకు గెలవకపోతే కొత్తదనం ఏముంది? మీ గొప్ప ఎండ తట్టుకోవడమే అయితే, పరీక్ష ఎండలోనే పెట్టండి. 28 డిగ్రీల ఇంక్యుబేటర్లో అందరి ట్రైకోడెర్మా బాగానే పెరుగుతాది.

హోస్ట్: 18 నెలలు అంటున్నారు. పంటకాలంతో ఇది ఎట్ల కుదురుతాది?

అతిథి: దీని మీద కొంచెం నిలబడాలి. మన ఖరీఫ్ శెనక్కాయ జూన్, జులైలో వేస్తారు, అక్టోబర్, నవంబర్‌లో పీకుతారు. జనవరి కాల్‌కు, అంటే జనవరిలో దరఖాస్తులు తెరిచినప్పుడు, వేశారనుకోండి. స్క్రీనింగు, నిపుణుల పరిశీలన, ప్యానెల్, ఆ తర్వాత కంపెనీ లెక్కలు, కాగితాల తనిఖీ, అగ్రిమెంటు. డబ్బు చేతికొచ్చేసరికి ఆ ఏడాది విత్తనం ఎప్పుడో పడిపోయి ఉంటాది. డిసెంబర్‌లో మొదలైతే 18 నెలల్లో మీకు దొరికేది ఒకే ఒక్క ఖరీఫ్. రెండు ఖరీఫ్‌ల ట్రయల్ రాసినోళ్లు క్యాలెండర్ చూడకుండా రాసినట్టే. ఒక ఖరీఫ్, బోర్ల కింద ఒక రబీ, అట్ల రాసుకోండి.

హోస్ట్: ఆ ఒక్క ఖరీఫ్‌లో వాన పడకపోతే?

అతిథి: అదే చెప్పబోతాండా. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చిల్లర. వాన ముఖం చాటేసిన ఏడు కాండం కుళ్లు సరిగ్గా రాకపోవచ్చు. తెగులే రాకపోతే మందు వేయని మడి కూడా పచ్చగా ఉంటాది, మీ మడి కూడా పచ్చగా ఉంటాది. తేడా సున్నా. సరుకు మంచిదైనా మైలురాయి పోయింది, తర్వాతి విడత ఆగింది. అందుకే కాండం కుళ్లు తెచ్చే స్క్లెరోషియం శిలీంధ్రాన్ని మట్టిలో కావాలని కలిపిన సిక్ ప్లాటు ఒకటి, కుండీల ట్రయల్ ఒకటి తప్పకుండా రాయల్ల. ట్రయల్ కదిరి లాంటి పరిశోధనా స్థానంలో పెట్టుకునే మాటైతే ముందే మాట్లాడుకుని లెటర్ జతచేయండి.

హోస్ట్: పేటెంట్ సంగతి. గ్రాంటు వచ్చినాక చూసుకుందాంలే అంటారు కొందరు.

అతిథి: అట్ల అనుకుంటే పోయింది. మన చట్టంలో పేపరు వేసినాక పేటెంట్ వేసేదానికి ఉన్న వెసులుబాటు చాలా ఇరుకు. పేపరు, పోస్టరు, థీసిస్ అన్నీ బయటపెట్టినట్టే లెక్క. పీహెచ్‌డీ థీసిస్ ఆన్‌లైన్ థీసిస్ భండారం శోధ్‌గంగలో ఎక్కిందంటే ప్రపంచమంతా చదవచ్చు. అందుకని ముందు ప్రొవిజనల్, అంటే తాత్కాలిక పేటెంట్ దరఖాస్తు, వేయండి. వ్యక్తికి, స్టార్టప్‌కు, విద్యాసంస్థకు ఆన్‌లైన్ ఫీజు 1,600. అది వేసిన 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్, అంటే ఆవిష్కరణ పూర్తి వివరణ, ఇవ్వల్ల, లేకపోతే చెల్లదు.

హోస్ట్: మట్టిలో దొరికినదానికి పేటెంట్ ఇస్తారా?

అతిథి: ఉన్నదున్నట్టు అయితే ఇవ్వరు. పేటెంట్ చట్టం సెక్షన్ 3(సి) అడ్డం వస్తాది, ప్రకృతిలో ఉన్నది కనుక్కోవడం ఆవిష్కరణ కాదు. సరే, దాన్ని టాల్కు, గోందు ఏదో కలిపి పొడి చేశామంటే 3(ఇ) వస్తాది, ఉత్త మిశ్రమానికి ఇవ్వరు. విడివిడిగా కంటే కలిపితే ఎక్కువ పనిచేసిందని అంకెలతో చూపించల్ల. "శెనక్కాయలో తెగులు అదుపు చేసే పద్ధతి" అని క్లెయిమ్, అంటే దేని మీద హక్కు కావాలో చెప్పే వాక్యం, రాస్తే 3(హెచ్), సేద్యపు పద్ధతులకు ఇవ్వరు. కాబట్టి మీ బలం ఫార్ములేషన్ క్లెయిమ్‌లో ఉంది. దానికి కావలసిన, కలిపితే ఎక్కువ పనిచేస్తాదని చూపే సినర్జీ ప్రయోగం ఇప్పుడే చేసి పెట్టుకోండి. ఇంకోటి, మీ శిలీంధ్రం కల్చర్‌ను సూక్ష్మజీవులను దాచే చండీగఢ్ ఎంటీసీసీలోనో పుణె ఎన్‌సీఎంఆర్‌లోనో, పేటెంట్ల కోసం చేసే డిపాజిట్ల బుడాపెస్ట్ అంతర్జాతీయ ఒప్పందం కింద డిపాజిట్ చేయల్ల, అదీ పేటెంట్ ఫైల్ చేసే తేదీ దాటకుండా. మామూలు కల్చర్ కలెక్షన్లో దాచుకుంటే ఆ లెక్కలోకి రాదు. మన మట్టిలోది కాబట్టి జీవవైవిధ్య చట్టం కూడా ఉంది. 2023 సవరణ తర్వాత మనవాళ్లు పేటెంట్ మంజూరుకు ముందు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ దగ్గర రిజిస్టర్ చేసుకోవల్ల.

హోస్ట్: పేటెంట్ యూనివర్సిటీ పేరు మీద ఉంటే మీ కంపెనీకి హక్కు ఎట్ల?

అతిథి: అదే ప్యానెల్ అడిగే ప్రశ్న. వైస్ ఛాన్సలర్ గారు నోటితో సరేనన్నారంటే కుదరదు. లైసెన్స్ ఒప్పందం గానీ, కనీసం లైసెన్స్ ఇస్తామనే లెటర్ గానీ చూపించల్ల. 2019 జాతీయ ఇన్నోవేషన్, స్టార్టప్ పాలసీ ప్రకారం అధ్యాపకులు స్టార్టప్ పెట్టొచ్చు. ల్యాబు, స్థలం వాడుకున్నందుకు సంస్థ 2 నుంచి 9.5 శాతం వాటా తీసుకోవచ్చని కూడా అందులో ఉంది. మీ యూనివర్సిటీ దాన్ని తీర్మానం చేసుకుందో లేదో ముందే కనుక్కోండి.

హోస్ట్: బడ్జెట్‌లో ఏం తప్పులొస్తాయి?

అతిథి: పరికరాలకే సగం పెట్టడం. ఆటోక్లేవ్, లామినార్ యూనివర్సిటీలోనే ఉంటే మళ్లీ ఏంటికి? కట్టడాలకు, మీకొచ్చే యూనివర్సిటీ జీతానికి ఇందులో చోటు లేదు. నేనైతే పెద్ద ముద్ద విషపరీక్షలు, నిల్వ పరీక్షలు, ట్రయళ్లకు పెడతా, ఆ పనులు బయట చేయించల్ల కాబట్టి, విషపరీక్షలైతే జీఎల్‌పీ అనే నాణ్యతా సర్టిఫికెట్ ఉన్న ల్యాబుల్లో. కొటేషన్ తెచ్చి జతచేయండి. జీఎస్టీ మర్చిపోతారు. పరిశోధన సంస్థలకు పరికరాల మీద 5 శాతం రాయితీ ఉండేది, 2022 జులైలో తీసేశారు. ఇప్పుడు చాలావాటికి 18 శాతం. 8 లక్షల పరికరమంటే లక్షా 44 వేలు అదనం, అది యాడినుంచి తెస్తారు?

హోస్ట్: డబ్బు ఒకేసారి వస్తాదా?

అతిథి: విడతలుగా. గ్రాంటుకని వేరే నో-లియన్ అకౌంటు, అంటే బ్యాంకు తన బాకీకి పట్టుకోలేని ఖాతా, తెరవల్ల. ప్రతి విడతకీ సీఏ సంతకంతో ఖర్చుల లెక్క, యుటిలైజేషన్ సర్టిఫికెట్, మైలురాయి రిపోర్టు. సొంత అకౌంటు నుంచి కొని తర్వాత సర్దుకుందామంటే ఆ లెక్క తేలేసరికి విడత ఆలస్యం.

హోస్ట్: ఒకసారి తిరస్కరిస్తే?

అతిథి: తర్వాతి కాల్‌కు మళ్లీ వేయొచ్చు. రివ్యూయర్ల కామెంట్లు వస్తే ఒక్కోదానికి కొత్త అంకెతో జవాబివ్వల్ల, మాటలతో కాదు. కంపాటిబిలిటీ అడిగారా, పది ప్లేట్లు వేసి చూపించండి. అది ఆరు నెలల్లో, కన్సూమబుల్స్ ఖర్చుతో అయిపోయే పని.

హోస్ట్: ఇప్పుడు వింటాండేవాళ్లు జనవరి కాల్‌కు వేయల్లనుకుంటే ఎప్పుడు మొదలుపెట్టల్ల?

అతిథి: ఎన్‌ఓసీ ఫైలు అక్టోబర్‌లోనే రిజిస్ట్రార్ ఆఫీసులో పెట్టండి, సంక్రాంతి సెలవుల్లో సంతకాలు దొరకవు. ప్రొవిజనల్ నవంబర్‌లో. కల్చర్ డిపాజిట్ దానికంటే ముందు. ఫారం రాయడం చివరి పని, పది రోజులు చాలు.