రూల్ ముందు, కారణం తర్వాత: మోర్మన్ చర్చి, నల్లజాతి, యాజకత్వం

మాధవి: అందరికీ నమస్కారం. రఘు గారూ, ఇవాళ్టి టాపిక్ మీరే పట్టుబట్టి పెట్టించారు. అమెరికాలో యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ కేంద్రంగా ఉన్న మోర్మన్ చర్చి 1852 నుంచి 1978 దాకా నల్లజాతి మగవాళ్లకి యాజకత్వం ఇవ్వలేదు. అంటే వాళ్లు పాస్టర్లు కాలేకపోయారు, అంతేనా?

రఘు: అంతకంటే చాలా ఎక్కువమ్మా. మోర్మన్ల సంఘాల్లో జీతం తీసుకునే పాస్టర్ ఉండడు. ప్లంబరు, టీచరు, అకౌంటెంటు, ఎవరైనా సరే, నియమాలు పాటించే ప్రతి మగవాడికీ యాజకత్వం, అంటే దేవుడి పేరిట తంతులు జరిపే అధికారం, ఉంటుంది. పన్నెండేళ్లు నిండే ఏడాదిలోనే మొదటి మెట్టు ఇచ్చేస్తారు. ఆదివారం ఆరాధనలో రొట్టె, నీళ్లు పంచేది ఎక్కువగా ఈ పిల్లలే. అవును, ద్రాక్షరసం కాదు, నీళ్లు. ఇప్పుడు ఊహించుకో. తోటి పిల్లలంతా తెల్ల చొక్కా, టై వేసుకుని పళ్లెం పట్టుకుని బెంచీల మధ్య తిరుగుతుంటారు. నల్లజాతి పిల్లాడొక్కడే కూర్చుని చూస్తుంటాడు. ఎందుకు నాన్నా అని అడిగితే తండ్రి ఏం చెప్తాడు? ఆయనకీ లేదు కదా.

మాధవి: మరి ఆడవాళ్ల సంగతి?

రఘు: యాజకత్వం ఆడవాళ్లకి, ఏ రంగు వాళ్లకైనా, ఇప్పటికీ లేదు. కానీ నల్లజాతి స్త్రీలకి దెబ్బ ఇంకో వైపు నుంచి తగిలింది. మోర్మన్లకి ఆదివారం వెళ్లే చర్చి వేరు, దేవాలయం వేరు. భార్యాభర్తల్ని చావు కూడా విడదీయకుండా కలిపే తంతు, సీలింగ్ అంటారు, అది దేవాలయంలోనే జరగాలి. వాళ్ల నమ్మకం ప్రకారం పరలోకంలో అత్యున్నత స్థాయికి అది తప్పనిసరి. ఆ తలుపు ఆడా మగా అందరికీ మూసేశారు.

మాధవి: మొదటి నుంచీ ఇంతేనా?

రఘు: కాదు. అసలు కథ అక్కడే ఉంది. జోసెఫ్ స్మిత్ చర్చి పెట్టింది 1830లో. ఆరేళ్లకే, 1836లో, ఒహాయోలో ఎలైజా ఏబెల్ అనే నల్లజాతి వడ్రంగిని ఎల్డర్‌గా, అంటే యాజకత్వంలో పై మెట్టు ఇచ్చి, అభిషేకించారు. చేతికి సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో బార్బర్ షాపు నడిపే వాకర్ లూయిస్ కూడా ఎల్డరే. స్మిత్ తర్వాత పగ్గాలు పట్టిన బ్రిగమ్ యంగ్, 1847 మార్చిలో ఈ లూయిస్ గురించి మన మంచి ఎల్డర్లలో ఒకడని మెచ్చుకున్నాడు. ఐదేళ్లు తిరిగేసరికి అదే బ్రిగమ్ యంగ్, 1852 ఫిబ్రవరిలో, మోర్మన్లు వలసవెళ్లిన యూటాలో శాసనసభలో నిలబడి నల్లజాతివాళ్లకి యాజకత్వం లేదన్నాడు.

మాధవి: మధ్యలో ఏమైంది?

రఘు: ఒక్క ముక్కలో తేలదు. లూయిస్ కొడుకు తెల్లమ్మాయిని పెళ్లి చేసుకున్నాడన్న వార్త 1847 చివర్లో యంగ్ చెవిన పడింది, ఆయన మండిపడ్డాడు. తర్వాత యూటాకి కొందరు బానిసల్ని వెంటబెట్టుకుని వచ్చారు. యంగ్ ఆ మాట అన్న సమావేశాల్లోనే బానిసత్వానికి చట్టం ముద్ర వేశారు. ఓర్సన్ ప్రాట్ అనే అపొస్తలుడు, అంటే చర్చి పై స్థాయి నాయకుల్లో ఒకడు, ఆ బిల్లుని సభలోనే ఎదిరించాడు, లాభం లేకపోయింది. యంగ్ చెప్పిన కారణం కయీను శాపం, అంటే బైబిల్లో తమ్ముణ్ని చంపిన కయీనుకి తగిలిన శాపమే నల్లజాతివాళ్లకి వచ్చిందని. అది మోర్మన్ల సొంత సరుకు కూడా కాదు. బానిసత్వాన్ని వెనకేసుకొచ్చిన ప్రొటెస్టెంట్ బోధకులు అప్పటికే బైబిల్లోని కయీను, హాము కథల్ని అలా వాడుతున్నారు.

మాధవి: వేరే కారణం ఇంకోటి కూడా చెప్పేవాళ్లట కదా, పుట్టకముందు ఏదో జరిగిందని?

రఘు: అది తర్వాత తగిలించారు. మనుషుల ఆత్మలు పుట్టకముందే దేవుడి దగ్గర ఉంటాయని మోర్మన్లు నమ్ముతారు. అక్కడ సరిగ్గా నిలబడనివాళ్లు ఇక్కడ నల్లగా పుట్టారని కొందరు నాయకులు అల్లారు. మనకి ఈ వాదన కొత్తేం కాదులే. ఎవడు ఏ కులంలో పుట్టినా పూర్వజన్మ పాపం అని చెప్పి నోరు మూయించడం మనమూ చూసిందే. ఇక్కడా అంతే, రూల్ ముందొచ్చింది, కారణం వెతుక్కుంటూ తర్వాత వెళ్లారు. ఒకటి పాతబడితే ఇంకోటి.

మాధవి: మరి ఏబెల్ సర్టిఫికెట్ సంగతి?

రఘు: వస్తున్నా. 1879లో ఏబెల్ ముసలాయన. దేవాలయ తంతులకి అనుమతి అడిగాడు. అప్పుడు చర్చిని నడిపిస్తున్న జాన్ టేలర్ విచారణ పెట్టాడు. ఇద్దరు పాత కాపులు వచ్చి, జోసెఫ్ స్మిత్ బతికున్నప్పుడే వద్దన్నాడని సాక్ష్యం చెప్పారు. అప్పుడు యువ అపొస్తలుడు, స్మిత్ తమ్ముడి... కాదు, అన్న కొడుకు, జోసెఫ్ ఎఫ్. స్మిత్ అడ్డుపడ్డాడు. ఏబెల్ దగ్గర సర్టిఫికెట్లు ఉన్నాయి, జోసెఫ్ స్మిత్ ఆ అభిషేకాన్ని రద్దు చేయలేదు అన్నాడు. చివరికి ఏబెల్ యాజకత్వం అలాగే ఉంచారు, దేవాలయం మాత్రం వద్దన్నారు. ఆయన ఆ తర్వాత కూడా చర్చి తరఫున మిషనరీగా వెళ్లి, తిరిగొచ్చిన కొన్నాళ్లకే 1884 డిసెంబరులో పోయాడు.

మాధవి: ఒక్కడైనా కాగితం చూసి మాట్లాడాడు.

రఘు: ఆగు. 1908కి ఆ జోసెఫ్ ఎఫ్. స్మితే చర్చి అధ్యక్షుడు. అప్పుడు ఇదే ప్రశ్న మళ్లీ వస్తే, ఏబెల్ అభిషేకాన్ని జోసెఫ్ స్మిత్ స్వయంగా రద్దు చేశాడు అన్నాడు. సర్టిఫికెట్లు మారలేదు. మనిషి మాట మారింది. ఇక ఆ తర్వాత వచ్చినవాళ్లకి ఇది మొదటి నుంచీ ఉన్న దేవుడి ఆజ్ఞలా కనపడటంలో వింతేముంది! 1949లో చర్చి అధికారికంగా రాసింది కూడా, ఇది విధానం కాదు, ప్రభువు ఆజ్ఞ అనే.

మాధవి: నేను జేన్ మానింగ్ జేమ్స్ గురించి చదివాను. ఆవిడ గురించి చెప్పకుండా ముందుకెళ్లొద్దు.

రఘు: నువ్వే చెప్పు.

మాధవి: కనెటికట్‌లో స్వేచ్ఛగా పుట్టిన నల్లజాతి అమ్మాయి. 1843లో ఇంటిల్లిపాదితో మోర్మన్ల ఊరు నావూకి బయల్దేరింది. బఫెలో దగ్గర వీళ్లని పడవ ఎక్కనివ్వలేదు. అక్కణ్నుంచి 800 మైళ్లు నడిచారు. చెప్పులు అరిగిపోయి, కాళ్లు పగిలి, నేల మీద నెత్తుటి అడుగులు పడ్డాయని ఆవిడే తర్వాత చెప్పుకుంది. నావూలో స్మిత్ ఇంట్లో పని చేసింది, 1847లోనే యూటా చేరింది. దేవాలయ తంతుల కోసం ఏళ్ల తరబడి నాయకులకి విన్నపాలు పెట్టుకుంది. చివరికి 1894లో ఒప్పుకున్నది ఏమిటంటే, జోసెఫ్ స్మిత్ కుటుంబానికి శాశ్వతంగా పనిమనిషిగా సీలింగ్ చేస్తామని.

రఘు: ఆ తంతుకి కూడా ఆవిడని లోపలికి రానివ్వలేదు. ఆవిడ బదులు ఒక తెల్లావిడ నిలబడింది. జోసెఫ్ స్మిత్ బదులు నిలబడిందెవరో తెలుసా? మన జోసెఫ్ ఎఫ్. స్మిత్.

మాధవి: అబ్బా. సరే, ఇంత గట్టిపడ్డది 1978లో ఎలా విరిగింది? బయట గొడవల వల్లేనా?

రఘు: గొడవలు జరిగాయి. 1969లో వయోమింగ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీంలో 14 మంది నల్లజాతి ఆటగాళ్లు, మోర్మన్ల బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీతో మ్యాచ్‌కి నిరసనగా నల్ల బ్యాండ్లు కట్టుకుంటామని అడగడానికి వెళ్తే, కోచ్ అందర్నీ టీంలోంచి తీసేశాడు. స్టాన్‌ఫర్డ్ ఆ యూనివర్సిటీతో ఆటలే మానేసింది. కానీ 1978 నాటికి ఆ వేడి చల్లారింది. నా లెక్కలో అసలు ఒత్తిడి బ్రెజిల్, పశ్చిమ ఆఫ్రికాల నుంచి వచ్చింది. బ్రెజిల్‌లో తరతరాలుగా రక్తాలు కలిసిపోయాయి. ఎవరి వంశంలో ఆఫ్రికా ఉందో ఎవడు తేలుస్తాడు? 1975లో సావో పాలోలో దేవాలయం కడతామని ప్రకటించారు. దానికి డబ్బులిచ్చి, పనిచేసినవాళ్లలో హెల్వేసియో మార్టిన్స్ అనే నల్లజాతి ఆయన ఉన్నాడు. కట్టాక ఆయన లోపలికి వెళ్లకూడదు!

మాధవి: ఘనా, నైజీరియాల్లో అయితే చర్చే లేదు కదా?

రఘు: లేకపోయినా సంఘాలు ఉన్నాయి. అక్కడివాళ్లు మోర్మన్ పుస్తకాలు చదివి, తమంతట తామే కూడుకుని, బోర్డులు పెట్టుకుని, మమ్మల్ని చేర్చుకోండని సాల్ట్ లేక్‌కి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఘనాలో బిల్లీ జాన్సన్, నైజీరియాలో ఆంథొనీ ఒబిన్నా. బాప్తిస్మం ఇస్తే సంఘం నడిపేదెవరు, యాజకత్వం లేదు కదా! అక్కడ ఇరుక్కున్నారు.

మాధవి: 1978 జూన్ 1.

రఘు: అవును. స్పెన్సర్ కింబల్ అధ్యక్షుడు. నెలల తరబడి ఒంటరిగా దేవాలయంలో ప్రార్థన చేసేవాడు. ఆ రోజు ఇద్దరు సలహాదారులు, పది మంది అపొస్తలులతో కలిసి ప్రార్థన చేస్తే అందరికీ ఒకేసారి జవాబు తెలిసిందని వాళ్లు చెప్తారు. జూన్ 9న నిషేధం ఎత్తేసినట్టు ప్రకటించారు. 11న జోసెఫ్ ఫ్రీమన్ అనే నల్లజాతి ఆయన ఎల్డర్ అయ్యాడు. నవంబరులో ఒబిన్నాకీ, ఇంకో 18 మందికీ బాప్తిస్మం.

మాధవి: ఒక తెలుగు ముచ్చట. అదే డిసెంబరులో సమోవా నుంచి వచ్చిన ఒక హైదరాబాద్ దంపతుల ద్వారా వాళ్ల బంధువులు హైదరాబాద్‌లో బాప్తిస్మం పొందారు. ఇండియాలో ఈ చర్చి మొదటి స్టేక్, అంటే కొన్ని సంఘాల కూటమి, 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. మరి మనవాళ్లకి ఈ నిషేధం వర్తించేదా?

రఘు: లేదు. రూల్ రంగు మీద కాదు, ఆఫ్రికా వంశం మీద. అందుకే 1950ల్లో ఫిజీ వాళ్ల విషయంలో కూడా, వీళ్లు ఆఫ్రికావాళ్లు కాదని తేల్చి ఇచ్చేశారు. రంగు సమస్యే కాదని చెప్పుకోవడానికి అదొక సౌకర్యం.

మాధవి: 1978 ప్రకటనలో క్షమాపణ ఉందా?

రఘు: క్షమాపణా లేదు, అసలు ఎందుకు పెట్టారన్న మాటా లేదు. రూల్ పోయింది, కారణాలు మాత్రం ఇళ్లల్లో, సండే స్కూళ్లల్లో తిరుగుతూనే ఉన్నాయి. 2013 డిసెంబరులో గానీ చర్చి తన వెబ్‌సైట్‌లో వ్యాసం పెట్టి, కయీను శాపం, పుట్టకముందు చేసిన తప్పు, ఇవేవీ మా బోధ కాదని చెప్పలేదు. మధ్యలో 35 ఏళ్లు! ఏబెల్ సంగతీ ఆ వ్యాసంలో ఉంది. నిషేధమే పొరపాటు అని మాత్రం తెగేసి రాయలేదు.

మాధవి: రాస్తే పదిమంది అధ్యక్షులు దారి తప్పారని ఒప్పుకోవాలి కదా. వాళ్లకి అధ్యక్షుడంటే ప్రవక్త.

రఘు: అదే చిక్కు. ప్రవక్త సంఘాన్ని దారి తప్పించేలా ప్రభువు ఎన్నడూ ఊరుకోడని 1890లో విల్‌ఫర్డ్ వుడ్‌రఫ్ చెప్పిన మాట వాళ్ల గ్రంథంలోనే అచ్చయి ఉంది. కానీ జోసెఫ్ స్మిత్ కొడుకు నడిపిన ఇంకో శాఖ ఉంది చూడు, వాళ్లు 1865లోనే నల్లజాతివాళ్లకి యాజకత్వం ఇచ్చేశారు. అదే మూలం, అదే మోర్మన్ గ్రంథం. నన్నడిగితే, ఆ ఒక్క తేదీకి సాల్ట్ లేక్ దగ్గర సరైన జవాబు లేదు.