టికెట్టు ఫోన్‌లో ఉందా, చార్టులో ఉందా?

శ్రోతలకు నమస్కారం.

మా అమ్మ రైలెక్కాల్సి వస్తే ముందు రోజు రాత్రి నుంచే ఒకటే ప్రశ్న. "టికెట్టేదిరా?" అంటుంది. ఫోన్‌లో ఉందమ్మా అంటే, "ఫోన్‌లో ఉంటే నా చేతిలో ఉన్నట్టేనా?" అని మళ్లీ అడుగుతుంది. దళసరి అట్ట టికెట్టును గుప్పిట్లో పట్టుకుని, దిగి గేటు దగ్గర ఇచ్చేదాకా వదలకుండా ప్రయాణాలు చేసిన తరం ఆమెది. ఆ ప్రశ్నను నేను చాలాకాలం చాదస్తం అనుకున్నాను. అది తప్పని ఒక ప్రయాణంలో తెలిసింది.

కొన్నేళ్ల కిందటి మాట. విశాఖపట్నం నుంచి సికింద్రాబాద్ వచ్చే రాత్రి బండి. మా ఎదుటి బెర్తులో ఒక పెద్దాయన ఒంటరిగా వస్తున్నారు. టికెట్టు కొడుకు బుక్ చేసి ఫోన్‌కి పంపాడట. తుని రాకముందే ఆ ఫోన్ ఆరిపోయింది. బోగీలో చార్జింగ్ పెట్టే చోట కరెంటు రావడం లేదు. ఆయనకు చెమటలు పట్టాయి. సంచీ మొత్తం కింద పెట్టి వెతికారు, లేని కాగితం కోసం. టీసీ వచ్చేసరికి మాట తడబడింది. టీసీ మాత్రం నెమ్మదిగా పేరు అడిగాడు, గుర్తింపు కార్డు ఉందా అన్నాడు. చొక్కా జేబులో ఆధార్ కార్డు ఉంది. చార్టులో పేరు, వయసు, బెర్తు నంబరు సరిపోయాయి. టికెట్టు చూపించలేనందుకు 50 రూపాయలు కట్టించుకుని రసీదు ఇచ్చి వెళ్లిపోయాడు. అంతే. కానీ అంతకుముందు గంటసేపు ఆ పెద్దాయన పడ్డ టెన్షన్ నేను మరిచిపోలేదు. ఒక్క విషయం ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆయనకు అంత బాధ ఉండేది కాదు.

అదే ఈరోజు మీకు చెప్పాలనుకుంటున్నాను. రిజర్వేషన్ చేయించుకున్న ఈ-టికెట్టు అసలు రూపం రైల్వే వాళ్ల చార్టులో ఉంటుంది. మీ పేరు, వయసు, బోగీ, బెర్తు, పది అంకెల పీఎన్ఆర్ నంబరు, అన్నీ అక్కడే. టీసీల చేతుల్లో ఇప్పుడు కాగితం చార్టుకు బదులు చిన్న టాబ్ కనిపిస్తోంది కదా, అందులో చూసేది ఆ వివరాలనే. ఆ బెర్తు మీదేనని చెప్పడానికి ఫోన్‌లో మెసేజ్ చూపిస్తాం. ఆ పేరు గల మనిషి మీరేనని చెప్పడానికి గుర్తింపు కార్డు చూపిస్తాం. ఈ రెండింటిలో బరువైనది కార్డే. మెసేజ్ చూపించలేకపోతే జరిమానాతో సరిపోతుంది. కార్డు లేకపోతే మాత్రం టికెట్టు లేని ప్రయాణం కిందే లెక్క.

ఇక్కడిదాకా మనం ఒక్కసారిగా రాలేదు. 2002లో ఇంటర్నెట్‌లో రైలు టికెట్లు అమ్మడం మొదలైనప్పుడు, ఇంట్లో బుక్ చేసుకున్నా అచ్చు టికెట్టు కొరియర్‌లో ఇంటికి రావాల్సిందే. 2005లో ఈ-టికెట్టు వచ్చాక మనమే ప్రింటు తీసుకునేవాళ్లం. అప్పట్లో ఆ కాగితం కోసం స్టేషన్ బయట నెట్ సెంటర్లలో వరసలు ఉండేవి. 2011, 2012 ప్రాంతంలో ఫోన్ తెరమీద టికెట్టు, ఆ తర్వాత మామూలు మెసేజ్ చూపించినా చాలన్నారు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, బటన్ల ఫోన్‌కి వచ్చిన మెసేజ్ కూడా చెల్లుతుంది. మన పల్లెల్లో పెద్దవాళ్లకు ఇది నిజంగా పెద్ద మేలు. కౌంటర్లో తీసుకున్న కాగితం టికెట్టు పోతే డూప్లికేటు కోసం తిరగాలి, డబ్బు కట్టాలి. ఈ-టికెట్టుకు ఆ బెడద లేదు. పోయిన మెసేజ్‌ని కొడుకో కోడలో మళ్లీ పంపగలరు.

కార్డు సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఒక టికెట్టు మీద నలుగురు వెళ్తుంటే, ఆ నలుగురిలో కనీసం ఒకరి దగ్గర అసలు గుర్తింపు కార్డు ఉండాలి. టికెట్టు బుక్ చేసిన అబ్బాయి హైదరాబాదులో ఉండిపోయి అమ్మానాన్నలను బండి ఎక్కిస్తే, అతని కార్డు వాళ్లకు పనికిరాదు. ఆధార్, ఓటరు కార్డు, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, వీటిలో ఏదైనా సరే. జిరాక్సు కాపీ మీద ఆధారపడకండి. డిజిలాకర్ అని, ప్రభుత్వ పత్రాలను ఫోన్‌లో దాచుకునే యాప్ ఉంది. అందులోని ఆధార్‌ని, లైసెన్సుని 2018 నుంచి ఒప్పుకుంటున్నారు. అయితే ప్రభుత్వం నుంచి నేరుగా అందులోకి వచ్చినవే చెల్లుతాయి, మనం ఫొటో తీసి ఎక్కించుకున్నవి చెల్లవు. టికెట్టూ ఫోన్‌లోనే, కార్డూ ఫోన్‌లోనే పెట్టుకుంటే, ఫోన్ ఆరిపోయిన రోజున రెండూ ఒకేసారి పోతాయి. అందుకే కార్డు మాత్రం జేబులో ఉండాలంటాను.

మెసేజ్ వచ్చింది కాబట్టి సీటు ఉన్నట్టే అనుకోవడం మరో పొరపాటు. వెయిటింగ్ లిస్టులో ఉన్నా మెసేజ్ వస్తుంది. ఈ-టికెట్టులో ఉన్న పేర్లన్నీ చార్టు తయారయ్యేసరికి వెయిటింగ్‌లోనే మిగిలితే ఆ టికెట్టు దానంతటదే రద్దవుతుంది, డబ్బు కట్టిన ఖాతాకు తిరిగొస్తుంది. దాంతో బండి ఎక్కకూడదు. ఇదివరకు చార్టు బండి బయల్దేరడానికి నాలుగు గంటల ముందు తయారయ్యేది, ఇప్పుడు అంతకన్నా ముందే వేస్తున్నారు. కాబట్టి ఇంట్లోంచి కదిలేముందే పీఎన్ఆర్ చూసుకోవచ్చు. రైల్వే విచారణ నంబరు 139కి ఫోన్ చేసినా తెలుస్తుంది.

ఇప్పటిదాకా చెప్పింది రిజర్వేషన్ టికెట్ల గురించి. జనరల్ బోగీ టికెట్టు, ఎంఎంటీఎస్ టికెట్టు, ప్లాట్‌ఫారం టికెట్టు కూడా ఫోన్‌లోనే తీసుకుంటున్నాం. 2014 చివర్లో ముంబయి లోకల్ రైళ్లలో యూటీఎస్ అనే జనరల్ టికెట్ల యాప్‌తో మొదలై, తర్వాత మన దాకా వచ్చింది. 2025 జులై 1న వచ్చిన రైల్‌వన్ యాప్‌లో రెండు రకాల టికెట్లూ ఒకేచోట దొరుకుతున్నాయి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. ప్రమాదం అక్కడే ఉంది. జనరల్ టికెట్టుకు చార్టు ఉండదు. మీ పేరు ఏ జాబితాలోనూ లేదు. ఇక్కడ మాత్రం ఫోనే టికెట్టు. యాప్ తెరిచి అందులోనే చూపించాలి. స్క్రీన్‌షాట్ చెల్లదు, వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫొటో చెల్లదు. ఫోన్ ఆరిపోతే టికెట్టు కొన్నా కొననట్టే, జరిమానా కట్టాల్సిందే. చార్జింగ్ ఇరవై శాతం కన్నా తక్కువ ఉన్న రోజున జనరల్ టికెట్టును కౌంటర్లో కాగితం మీద తీసుకోవడమే నేను చేసే పని. వరసలో పది నిమిషాలు నిలబడినా ఫరవాలేదు.

ఇంకో మాట. ఊళ్లో తెలిసినవాళ్లు టికెట్టు తీసిపెట్టి ఫొటో పంపుతుంటారు. ఫొటోలో అక్షరాలు ఎలాగైనా మార్చవచ్చు. డబ్బు ఇచ్చే ముందు ఆ పది అంకెలు 139కి చెప్పి చూడండి. మీ పీఎన్ఆర్ కనిపించే టికెట్టు ఫొటోను నలుగురూ చూసేచోట పెట్టకండి. అందులో మీ వివరాలతో పాటు, ఏ రోజు ఇంట్లో ఉండరో కూడా తెలిసిపోతుంది.

ఇప్పుడు మా అమ్మ ప్రయాణానికి నేను చేసేది చిన్న పని. పాత క్యాలెండరు కాగితం వెనక పెద్ద అక్షరాలతో బండి పేరు, పీఎన్ఆర్, బోగీ, బెర్తు నంబరు రాస్తాను. దాన్ని ఆధార్ కార్డుతో కలిపి ఆమె చిన్న పర్సులో పెడతాను. మొన్న గుంటూరు వెళ్లేటప్పుడు టీసీ వస్తే అమ్మ ఫోన్ బయటికి తియ్యనేలేదట. పేరు చెప్పి, బెర్తు నంబరు చెప్పి, కార్డు చూపించిందట. ఆయన టాబ్‌లో చూసుకుని, "సరేనమ్మా, పడుకోండి" అని పక్క బెర్తుకు వెళ్లాడట.

నమస్కారం.