సిలువ సిలువ కాదట!

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో టెక్సస్ రాష్ట్రానికి రాజధాని ఆస్టిన్. అక్కడి అసెంబ్లీ భవనం చుట్టూ 22 ఎకరాల ఆవరణ ఉంది. అందులో రాష్ట్ర చరిత్రకు గుర్తుగా నిలబెట్టిన స్మారకాలు 17 ఉండేవి. వాటిలో ఒకటి ఆరడుగుల రాతిపలక. దాని మీద చెక్కి ఉన్నవి బైబిల్లోని పది ఆజ్ఞలు. థామస్ వాన్ ఆర్డెన్ అనే ఆయన ఆ పలక పక్కనుంచి తరచూ నడిచి వెళ్లేవాడు. ఒకప్పుడు లాయరు. లైసెన్సు సస్పెండ్ అయింది, ఇల్లు లేదు, రాత్రిళ్లు టెంటులో పడుకునేవాడు. పగలు మాత్రం దగ్గర్లోనే ఉన్న ప్రభుత్వ లా లైబ్రరీలో కూర్చునేవాడు. అలా వెళ్తూ వస్తూ ఆ పలకను చూసి చూసి, చివరికి తన కేసు తానే రాసుకుని ఫెడరల్ కోర్టులో వేశాడు. ఆయన వాదనలో సారం ఇది: ఈ స్థలం ప్రభుత్వానిది, ప్రభుత్వం అందరిదీ, మరి ఒక మతం వాక్యాలు దాని ఆవరణలో ఎందుకు నిలబడాలి?

ఇల్లు లేని మనిషి వేసిన ఆ కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. టెక్సస్ తరఫున వాదించడానికి రాష్ట్ర అటార్నీ జనరల్ గ్రెగ్ ఆబట్ స్వయంగా వెళ్లారు. ఈ పేరు కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మనకు ఇలాంటి కేసులు వింటే కొంచెం చాదస్తంగానే అనిపిస్తుంది. దేవాదాయ శాఖ ఉన్న రాష్ట్రాలు మనవి. తిరుమల బ్రహ్మోత్సవాలకు ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు తలమీద పెట్టుకుని వెళ్తారు. మన రాజ్యాంగం గీసిన గీత వేరు, దాని కథ వేరు. అమెరికాలో గీత కాదు, గోడ కట్టాలనుకున్నారు. వాళ్ల రాజ్యాంగానికి 1791లో వచ్చిన మొదటి సవరణ, ప్రభుత్వం ఏ మతాన్నీ అధికార మతంగా నిలపకూడదనీ, ఎవరి మతాచరణకూ అడ్డుపడకూడదనీ చెప్పింది. గోడ అనే పోలిక రాజ్యాంగంలో లేదు. 1802 జనవరి 1న అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ రాసిన ఉత్తరంలో ఉంది.

ఆ ఉత్తరం ఎవరికి రాశారన్నది ఆసక్తికరం. కనెక్టికట్ రాష్ట్రంలో డాన్‌బరీ ఊరి బాప్టిస్టులకు. వాళ్లు పరమ భక్తులు. అయితే ఆ రాష్ట్రంలో వేరే క్రైస్తవ శాఖ వాళ్ల చర్చికి ప్రభుత్వ అండ ఉండేది, దాన్ని పన్నులతో పోషించేవారు. 1818దాకా అదే పద్ధతి. అంటే గోడ కావాలని అడిగినవాళ్లు దేవుణ్ణి నమ్మనివాళ్లు కారు, పక్క చర్చికి పన్ను కట్టలేక విసిగిపోయిన క్రైస్తవులే. మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల బాప్టిస్టు సంఘాలకు పునాది వేసింది కూడా అమెరికా బాప్టిస్టు మిషనరీలే. 1878లో ఒంగోలు దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి ఆ ప్రాంతం వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మిషనరీలు నమ్మిన సూత్రాల్లో ఈ గోడ కూడా ఒకటి.

సూత్రం సులువుగానే ఉంది. చిక్కంతా బొమ్మల దగ్గర వచ్చింది.

రోడ్ ఐలండ్ రాష్ట్రంలో పాటకెట్ అనే చిన్న నగరం ఉంది. ప్రతి క్రిస్మస్‌కీ షాపుల మధ్య ఉన్న ఒక పార్కులో నగర పాలక సంస్థ అలంకరణ చేసేది. శాంటాక్లాజ్ ఇల్లు, బండి లాగే దుప్పులు, క్రిస్మస్ చెట్టు, ఒక విదూషకుడు, ఒక ఏనుగు, ఒక ఎలుగుబంటి బొమ్మ, రంగురంగుల దీపాలు, పండగ శుభాకాంక్షల బ్యానరు. వాటి మధ్యలో పశువుల పాక, అందులో బాలయేసు, మరియ, యోసేపు, గొర్రెల కాపరులు. ఆ పాక సెట్టును నగరం 1973లో 1,365 డాలర్లకు కొన్నది. కేసు నడిచేనాటికి దాని విలువ 200 డాలర్లు. ఏటా నిలబెట్టి తీసేయడానికి అయ్యే ఖర్చు ఇరవై డాలర్లు. ఈ ఇరవై డాలర్ల పాక మీద దేశ అత్యున్నత న్యాయస్థానం 1984లో 5-4 తేడాతో తీర్పు ఇచ్చింది, పాక ఉండవచ్చునని. చుట్టూ అన్ని బొమ్మలున్నాయి కాబట్టి అది పండగ అలంకరణే తప్ప మతప్రచారం కాదన్నారు. ఆ తర్వాత లాయర్లు దీనికి దుప్పి బొమ్మల సూత్రం అని సరదాగా పేరు పెట్టుకున్నారు. పక్కన ప్లాస్టిక్ దుప్పి ఉంటే యేసు ఉండొచ్చు, లేకపోతే కష్టం!

ఆ తీర్పులోనే జస్టిస్ సాండ్రా డే ఓకానర్ విడిగా ఒక మాట రాశారు. తర్వాతి ముప్పై ఏళ్లకు పైగా కోర్టులు దానిచుట్టూనే తిరిగాయి. ప్రభుత్వం ఒక మతాన్ని సమర్థిస్తే, ఆ మతం కానివాళ్లకు మీరు బయటివాళ్లు, పూర్తి పౌరులు కారు అని చెప్పినట్టే అవుతుంది అన్నారామె. కాబట్టి బొమ్మ ఎవరు పెట్టారు, ఎంత ఖర్చయింది అన్నది అసలు విషయం కాదు. దాన్ని చూసే మనిషికి అది ఏం చెబుతోంది అన్నదే అసలు విషయం. ఇది నాకు చాలా మంచి పరీక్ష అనిపిస్తుంది. ఎందుకంటే చట్టం చేసేవాడి వైపునుంచి కాకుండా, దాని కింద బతికేవాడి వైపునుంచి చూస్తుంది.

అయితే మంచి పరీక్షకు కూడా లెక్కలు తప్పలేదు. 1989లో పిట్స్‌బర్గ్ కేసు వచ్చింది. జిల్లా కోర్టు భవనంలో పెద్ద మెట్ల మీద పశువుల పాక, పైన దేవదూత, చేతిలో దేవునికి మహిమ అని లాటిన్‌లో రాసిన బ్యానరు. పక్కన దుప్పులు లేవు. ఇది చెల్లదన్నారు. అక్కడికి దగ్గర్లోనే మరో ప్రభుత్వ భవనం ముందు యూదుల మెనోరా, 18 అడుగుల దీపస్తంభం. దాని పక్కన 45 అడుగుల క్రిస్మస్ చెట్టు. ఇది చెల్లుతుందన్నారు. ఈ కొలతల న్యాయాన్ని జస్టిస్ ఆంథొనీ కెనడీ అప్పుడే ఎగతాళి చేశారు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది వేరొకటి ఉంది. ఈ కేసుల్లో ప్రభుత్వం గెలవాలంటే ఏం వాదించాలో చూడండి. ఈ సిలువ ఒక్క సిలువగానే లేదు, దీనికి మతంతో పెద్ద సంబంధం లేదు, ఇది చరిత్ర, ఇది సంప్రదాయం, ఇది పండగ సందడి అని వాదించాలి. అంటే భక్తులు తమ చిహ్నాన్ని ప్రభుత్వ స్థలంలో నిలబెట్టుకోవడానికి, అది పవిత్రం కాదని ఒప్పుకోవాలి. పాటకెట్ తీర్పుతో విభేదించిన జస్టిస్ హ్యారీ బ్లాక్‌మన్ ఈ సంగతే పట్టుకున్నారు. పాకను ఏ అర్థమూ లేని, వ్యాపారానికి పనికొచ్చే పండగ వస్తువుగా దించేశారని బాధపడ్డారు. యేసు పుట్టుకను నమ్మే మనిషికి ఇంతకంటే అవమానం ఏముంటుంది? అలాంటి గెలుపు భక్తులకు ఎందుకో నాకైతే అర్థం కాదు.

2009లో కాలిఫోర్నియా మొహావీ ఎడారిలోని ఒక సిలువ మీద సుప్రీంకోర్టులో వాదనలు జరిగాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సైనికుల గుర్తుగా 1934లో పెట్టిన సిలువ అది. స్థలం ప్రభుత్వానిది. జస్టిస్ ఆంటొనిన్ స్కాలియా, మృతుల స్మృతికి అన్నిటికంటే మామూలు గుర్తు సిలువే కదా అన్నారు. ఎదురుగా ఉన్న లాయరు పీటర్ ఎలియాస్‌బర్గ్, క్రైస్తవ మృతులకైతే అవును, నేను యూదుల శ్మశానాలకు వెళ్లాను, యూదుడి సమాధి మీద సిలువ ఎక్కడా కనబడదు అని జవాబిచ్చారు. కోర్టు హాలు నవ్వింది. కానీ తీర్పు 5-4తో సిలువకు అనుకూలంగానే వచ్చింది. 2019లో మేరీలాండ్‌లోని బ్లేడెన్స్‌బర్గ్ సిలువ కేసులో కూడా అంతే, ఈసారి 7-2. 1925లో పూర్తయిన ఆ స్మారకం యుద్ధంలో చనిపోయిన 49 మంది స్థానికుల పేరిట కట్టింది. కాలం గడిచి దానికి చరిత్రగా వేరే అర్థం వచ్చిందని కోర్టు అంది. క్రైస్తవులు కాని సైనికులకు అది గుర్తు కాలేదని జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ తన అసమ్మతి తీర్పులో రాశారు. నేను ఆమె వైపే.

ఇప్పుడు ఆస్టిన్ రాతిపలక సంగతి. 2005 జూన్ 27న సుప్రీంకోర్టు ఒకేరోజు రెండు తీర్పులు ఇచ్చింది. కెంటకీ రాష్ట్రంలో కోర్టు భవనాల గోడలకు తగిలించిన పది ఆజ్ఞలు చెల్లవు, 5-4. టెక్సస్‌లో రాతి మీద చెక్కిన పది ఆజ్ఞలు చెల్లుతాయి, 5-4. రెండింట్లోనూ గెలిచిన పక్షాన ఉన్న ఒకే ఒక్క జడ్జి స్టీఫెన్ బ్రేయర్. టెక్సస్ పలకను పెట్టింది 1961లో. నలభై ఏళ్లు ఎవరూ ఫిర్యాదు చేయలేదు, ఇప్పుడు పీకేస్తేనే గొడవ అవుతుంది అన్నది ఆయన లెక్క. కెంటకీవి కొత్తగా తగిలించినవి, వాటి వెనక ఉద్దేశం స్పష్టంగా కనిపిస్తోంది. తగాదా తీర్చడానికి పనికొచ్చే లెక్కే, కాదనను. కానీ నలభై ఏళ్లు ఎవరూ నోరు మెదపలేదంటే అందరూ ఒప్పుకున్నారనే అర్థమా? టెంటులో బతికే ఒక మాజీ లాయరు వచ్చేదాకా ఆ మాట అడిగే తీరికా తెగువా ఎవరికీ లేకపోయి ఉండొచ్చు కూడా.

ఆ పలక పుట్టుక గురించి కూడా చెప్పాలి. ఈగల్స్ అనే సోదర సంఘం దేశమంతటా ఇలాంటి పలకలు పంచింది. మొదలుపెట్టింది మిన్నెసోటాలో బాలనేరస్తుల కేసులు చూసే ఒక జడ్జి, పిల్లలు దారి తప్పకూడదన్న తపనతో. ఆ రోజుల్లోనే హాలీవుడ్ దర్శకుడు సెసిల్ బి. డిమిల్ ఇదే కథతో పెద్ద సినిమా తీస్తున్నాడు, ఆయనా చేయి కలిపాడు. భక్తి, పిల్లల బాగు, సినిమా పబ్లిసిటీ మూడూ కలిసిపోయిన రాళ్లవి.

ఒక చిహ్నానికి చోటిస్తే రెండోవాళ్లు ఊరుకుంటారా? 2012లో ఓక్లహోమా రాష్ట్రం తన అసెంబ్లీ ఆవరణలో పది ఆజ్ఞల పలక పెట్టింది. సాతాను పేరుతో నడిచే ఒక సంస్థ మేక తల విగ్రహం పెడతామని దరఖాస్తు చేసింది. ఒక హిందూ సంస్థ హనుమంతుడి విగ్రహం పెడతామంది. చివరికి 2015లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ పలకను తీసేయమంది. దానికి కారణమైన నిబంధనను రాష్ట్ర రాజ్యాంగంలోంచి ఎత్తేద్దామని 2016లో ఓటింగు పెడితే, చర్చిలు కిక్కిరిసి ఉండే ఆ రాష్ట్రంలోనే ఓటర్లు వద్దన్నారు.

2022లో వాషింగ్టన్ రాష్ట్రంలో, ఆట మైదానంలో ప్రార్థన చేసిన ఒక ప్రభుత్వ బడి ఫుట్‌బాల్ కోచ్ కేసులో సుప్రీంకోర్టు ఓకానర్ పరీక్షను పూర్తిగా పక్కన పెట్టేసింది. ఇకనుంచి చూసేవాడికి ఏమనిపిస్తుంది అన్నది కాదు, చరిత్రలో ఆచారం ఏమిటి అన్నదే చూడాలంది. తలుపు తెరుచుకుందని కొందరు శాసనసభ్యులకు అర్థమైంది. 2024లో లూయిజియానా, 2025లో టెక్సస్ ప్రభుత్వ బడుల ప్రతి తరగతి గదిలోనూ పది ఆజ్ఞల పోస్టర్ ఉండాలని చట్టాలు చేశాయి. నిజానికి కెంటకీ చేసిన ఇలాంటి చట్టాన్నే సుప్రీంకోర్టు 1980లో కొట్టేసింది. టెక్సస్ చట్టం మీద సంతకం పెట్టిన గవర్నర్ గ్రెగ్ ఆబట్. ఆనాడు పలక కోసం వాదించిన అటార్నీ జనరలే.

టెక్సస్ చట్టం ప్రకారం పోస్టర్ కనీసం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల పొడవు ఉండాలి. ఏ మాటలు ఉండాలో కూడా చట్టమే రాసిపెట్టింది. చిక్కు అక్కడే. యూదులు, కేథలిక్కులు, ప్రొటెస్టంట్లలో ఎక్కువమంది ఈ పదింటిని ఒకేలా లెక్కపెట్టరు. విగ్రహాలు చేసుకోకూడదన్నది ప్రొటెస్టంట్లలో చాలామందికి రెండో ఆజ్ఞ. కేథలిక్కులకు అది విడి ఆజ్ఞ కాదు, మొదటి దాంట్లో భాగం. యూదులకు, నీ దేవుడను నేనే అన్న వాక్యమే మొదటిది. వందల ఏళ్లుగా పండితులు తేల్చుకోని విషయంలో ఒక పాఠాన్ని ఖాయం చేసి అచ్చేయించే పని శాసనసభ నెత్తిన వేసుకుంది. చర్చి చేయాల్సిన పని ఇది. గోడ అడిగిన ఆ డాన్‌బరీ బాప్టిస్టులు వింటే ఏమనేవారో!

ఇది మనకు దూరపు ముచ్చట కూడా కాదు. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో తెలుగు కుటుంబాలు ఎంత ఉన్నాయో మీకు తెలుసు. ఇంట్లో పూజగదిలో వినాయకుడికి దండం పెట్టుకుని బడికెళ్లే పిల్లాడు, గోడ మీద నేను తప్ప వేరొక దేవుడు నీకుండకూడదు, విగ్రహాలు చేసుకోకూడదు అని చదువుకోవాలి. వేలాడదీసింది చర్చి అయితే పేచీ లేదు, ఎవరి నమ్మకం వాళ్లది. వేలాడదీయమన్నది సర్కారు. ఓకానర్ అన్న ‘బయటివాళ్లు’ అనే మాటకు ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. కోర్టుకు వెళ్లిన తల్లిదండ్రుల్లో యూదులు, క్రైస్తవులు, హిందువులు, ఏ మతమూ లేనివాళ్లు అందరూ ఉన్నారు. 2025 ఆగస్టులో శాన్ ఆంటోనియోలో ఫెడరల్ జడ్జి ఫ్రెడ్ బియరీ, కేసులో ఉన్న స్కూల్ డిస్ట్రిక్టుల్లో ఆ పోస్టర్లు పెట్టకూడదని ఆదేశించారు. రాష్ట్రం అప్పీలుకు వెళ్లింది.

అదే టెక్సస్‌లో, హ్యూస్టన్ దగ్గర షుగర్‌లాండ్‌లో, చిన్నజీయర్ స్వామి సంకల్పంతో 2024లో 90 అడుగుల హనుమంతుడి విగ్రహం వెలిసింది. అష్టలక్ష్మి గుడి ఆవరణలో, గుడి సొంత స్థలంలో. దాన్ని చూసి చిరాకుపడ్డ రాజకీయ నాయకులు లేకపోలేదు. కానీ అది సంప్రదాయమో, చరిత్రో, పండగ అలంకారమో అని ఏ కోర్టులోనూ ఎవరూ సాకు చెప్పుకోనక్కర్లేదు. అది దేవుడి విగ్రహం, అంతే.

మీ మనవలు టెక్సస్‌లో చదువుకుంటుంటే, ఈసారి వీడియో కాల్‌లో వాళ్ల తరగతి గది గోడ మీద ఏముందో అడగండి. బల్ల చూపిస్తారు, బొమ్మలు చూపిస్తారు, పోస్టర్ ఉంటే అదీ చెప్తారు. దాన్ని చూస్తే వాళ్లకేమనిపిస్తుందో కూడా అడగండి. కోర్టు ఆ ప్రశ్న అడగడం మానేసింది కాబట్టి మీరైనా అడగొచ్చు.

సెలవు. నమస్కారం.