హెడ్ క్లీనింగ్ నొక్కే ముందు ఈ కాగితం చదవండి

[క్లోజప్: నాజిల్ చెక్ ప్రింటు. నలుపు గడిలో మెట్లలాంటి చిన్న గీతలన్నీ ఉన్నాయి. మెజెంటా గడిలో మూడు చోట్ల ఖాళీలు.]

వాయిస్: ప్రింటులో అడ్డంగా తెల్ల చారలు కనిపించగానే చాలామంది హెడ్ క్లీనింగ్ నొక్కేస్తారు. అంటే కాగితం మీద ఇంకు చిమ్మే హెడ్‌లోంచి ఇంకు లాగి దాన్ని శుభ్రం చేయడం. పోలేదా, ఇంకోసారి. అప్పటికీ పోలేదా, వరసపెట్టి ఇంకో నాలుగు సార్లు. ఆ ఇంకంతా ఎక్కడికి పోతుంది? ప్రింటర్ అడుగున, వృథా ఇంకును పీల్చుకునే వేస్ట్ ఇంక్ ప్యాడ్‌లోకి. ట్యాంకు ఖాళీ, ప్యాడ్ ఫుల్, చారలు మాత్రం అలాగే ఉంటాయి.

అసలు జబ్బేంటో ఈ నాజిల్ చెక్ కాగితమే చెప్తుంది. నాజిల్ అంటే హెడ్‌లో ఇంకు బయటికొచ్చే రంధ్రం. ఏ నాజిల్ పనిచేయకపోతే కాగితం మీద దాని గీత ఉండదు. ఇక్కడ చూపిస్తున్నది ఎప్సన్ ఎల్3210 ఇంక్ ట్యాంక్ ప్రింటర్.

[స్క్రీన్ రికార్డింగ్: ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్, మెయింటెనెన్స్ ట్యాబ్, నాజిల్ చెక్.]

వాయిస్: ఒక నాజిల్ చెక్ తీయండి. ఒకే ఒక్క క్లీనింగ్ చేయండి. మళ్లీ నాజిల్ చెక్ తీసి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. పసుపు గీతలు తెల్ల కాగితం మీద కంటికి ఆనవు. నీలం జిలెటిన్ కాగితం అడ్డం పెట్టి చూడండి, నల్లగా తేలతాయి.

[క్లోజప్: రెండు కాగితాలు. ఖాళీల మీద పెన్సిల్ సున్నాలు.]

వాయిస్: రెండింట్లోనూ అదే చోట గీత లేదంటే ఆ నాజిల్‌లో ఇంకు ఎండిపోయిందని అర్థం. నాజిల్ రంధ్రం తల వెంట్రుక కన్నా సన్నం. ఈ ఇంకులో ఎక్కువ భాగం నీళ్లే. అవి ఆరిపోతే మిగిలిన రంగు బిరడాలా బిగుసుకుంటుంది.

మొదటిసారి ఒకచోట, రెండోసారి ఇంకోచోట గీతలు పోతుంటే అది ఎండిన ఇంకు కాదు, గాలి. ట్యాంకులో ఇంకు కింది గీత దాటి దిగిపోతే గాలి పైపుల్లోకి ఎక్కుతుంది. దీనికి మందు ఓపికే. ట్యాంకు నింపి, ప్రింటర్ ఆపి, 12 గంటలు ముట్టుకోకండి. బుడగలు వాటంతట అవే సర్దుకుంటాయి.

ఇక మూడోది, ఎక్కువమంది పొరబడేది. క్లీనింగ్ చేసిన కొద్దీ ఖాళీలు పెరుగుతుంటే, ముందు హెడ్‌ను కాదు, క్యాప్‌ను అనుమానించండి.

[క్లోజప్: కవరు తెరిచి ఉంది. కుడి చివర రబ్బరు అంచున్న చిన్న తొట్టి, లోపల ఇంకు పట్టిన స్పాంజి, పక్కన హెడ్‌ను తుడిచే వైపర్.]

వాయిస్: ప్రింటర్ ఖాళీగా ఉన్నప్పుడు హెడ్ వచ్చి కూర్చునేది దీని మీదే. ఈ రబ్బరు అంచు గాలి చొరకుండా మూస్తుంది. క్లీనింగ్ అప్పుడు కింద ఉన్న పంపు ఇందులోంచే ఇంకు లాగుతుంది. అంచు మీద గట్టిపడిన ఇంకు గానీ, ఒక వెంట్రుక గానీ ఉంటే పంపు ఇంకుకు బదులు గాలి లాగుతుంది. అప్పుడు ఎన్ని క్లీనింగ్‌లు చేసినా దండగే.

క్యాప్ శుభ్రం చేయాలంటే హెడ్ పక్కకు రావాలి. ప్రింటర్ ఆన్ చేసి, హెడ్ ఎడమకు కదలగానే ప్లగ్ పీకేయండి. ప్లగ్ బయటికి వచ్చాకే లోపల చెయ్యి పెట్టాలి. హెడ్‌ను మెల్లగా ఎడమకు జరపండి.

[క్లోజప్: హెడ్ వెనక సాగదీసి ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ. వేలు దాని దగ్గరికి వెళ్లి ఆగుతుంది.]

వాయిస్: ఈ పట్టీని ముట్టుకోకండి. దీని మీది సన్నగీతలు చదివే హెడ్ తను ఎక్కడుందో తెలుసుకుంటుంది. ఇంకు మరక అంటితే కొత్త తలనొప్పి మొదలు.

సిరంజితో క్యాప్‌లో డిస్టిల్డ్ వాటర్ పోయండి, పొర్లకుండా. బోరు నీళ్లు వద్దు, అందులోని ఉప్పే నాజిల్‌కు అడ్డం పడుతుంది. 10 నిమిషాలు నాననిచ్చి, టిష్యూ మూలతో పీల్చేయండి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇలాగే చేయండి. రబ్బరు అంచును, వైపర్‌ను పోగులు రాలని తడిగుడ్డతో తుడవండి. దూది వాడొద్దు.

నాజిల్‌లో ఇంకు ఎండిపోయిన కేసైతే, చివరగా క్యాప్‌ను మళ్లీ నీళ్లతో నింపి, హెడ్‌ను దాని మీదికి జరిపి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఒక్క క్లీనింగ్, తర్వాత నాజిల్ చెక్. మొదటి పేజీల్లో రంగు వెలసినట్టు వస్తే కంగారు పడకండి, హెడ్‌లో చేరిన నీళ్లవి.

క్లీనింగ్ తర్వాత క్యాప్‌లో నీళ్లు అలాగే నిలిచి ఉంటే, దాని కింది గొట్టం ఊడిందో పూడిందో చూడాలి. అది మెకానిక్ పని. యూట్యూబ్‌లో చూపించినట్టు సిరంజితో హెడ్‌లోకి బలంగా నీళ్లు కొట్టే పని మాత్రం పెట్టుకోకండి, లోపలి భాగాలు దెబ్బతింటాయి. ఎప్సన్ ఎల్ సిరీస్‌లో హెడ్ ప్రింటర్‌లోనే బిగించి ఉంటుంది, కార్ట్రిడ్జ్‌లా తీసి మార్చేది కాదు.

[స్క్రీన్‌పై: పవర్ క్లీనింగ్]

వాయిస్: మూడుసార్లు క్లీనింగ్ చేసి, 12 గంటలు ఆగి, మళ్లీ చూసినా ఫలితం లేకపోతేనే ఇది. పైపుల్లో ఇంకంతా మార్చేస్తుంది కాబట్టి ప్రతి ట్యాంకులోనూ కనీసం మూడో వంతు ఇంకు ఉండాలి. తక్కువుంటే గాలి ఎక్కి ఉన్న జబ్బు ముదురుతుంది. రెండోసారి చేయాలంటే మళ్లీ 12 గంటలు.

కానన్ జీ2010 వాడేవాళ్లకు ఒక మాట. అందులో హెడ్ ఇంకును వేడిచేసి బుడగతో చిమ్ముతుంది. ఇంకు అందకుండా ప్రింటు కొడుతూ పోతే హీటర్లు కాలిపోతాయి, కాబట్టి చార కనిపించగానే ఆపేయండి. ఊరట ఏంటంటే ఆ హెడ్‌లు ఊడదీసి మార్చుకోవచ్చు. అందులో నలుపు పిగ్మెంట్ ఇంకు, అంటే నీళ్లలో కరగని రంగుపొడితో చేసింది, కాబట్టి ఎండితే మొండిగా పట్టుకుంటుంది.

[క్లోజప్: గోడ మీద స్విచ్ బోర్డు. వేలు స్విచ్ మీదికి వెళ్తుంది.]

వాయిస్: సగం హెడ్‌లు పాడయ్యేది ఇక్కడే అనిపిస్తుంది. ప్రింటు మధ్యలో బోర్డు దగ్గర స్విచ్ కట్టేస్తే హెడ్ క్యాప్ మీదికి చేరదు, నోరు తెరుచుకుని ఉండిపోతుంది. మే నెల ఎండలో, పైన ఫ్యాను తిరుగుతుంటే ఇక చెప్పేదేముంది. ముందు ప్రింటర్ మీది బటన్ నొక్కండి, దాని లైటు ఆరాక బోర్డు దగ్గర కట్టేయండి. ఏమీ ప్రింటు తీయని వారంలో ఒక నాజిల్ చెక్ తీయండి. అన్ని రంగులూ ఒకసారి కదులుతాయి, ఖర్చయ్యేది కాస్తంత ఇంకు, ఒక కాగితం. వెనక వైపు ఖాళీగా ఉన్న పాత కాగితమైనా చాలు.