డాబా మీద కర్ర గురించి నాలుగు మాటలు
(జాతీయ సైన్సు దినోత్సవం సందర్భంగా కాలనీ కమ్యూనిటీ హాలులో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న అధ్యక్షులవారికి, కార్యదర్శిగారికి, కోశాధికారిగారికి, ముందు వరుసలో పెద్దలకి, వెనక వరుసలో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకి, పొద్దున్నుంచీ కుర్చీలు మోసిన కుర్రాళ్లకి అందరికీ నమస్కారం. ఎవరినైనా వదిలేస్తే మన్నించాలి.

నాకిచ్చిన అంశం ‘సైన్సు, సమాజం’. రామన్‌గారి గురించి నాకంటే ముందు మాట్లాడిన మాస్టారు ఏమీ మిగల్చకుండా చెప్పేశారు. అందుకని నేను మన బిల్డింగు డాబా మీదున్న కర్ర గురించి మాట్లాడతాను. అధ్యక్షులవారు అప్పుడే నవ్వుతున్నారు. ఎక్కడ మొదలెట్టినా అక్కడికే వస్తానని ఆయనకి తెలుసు.

ముందు ఆ కర్ర మీద ఏముందో చెప్తాను. అది నేను పెట్టుకున్న చిన్న వాతావరణ స్టేషను. ఇప్పటికీ అది సెల్ టవరనీ రేడియేషన్ వస్తుందనీ అనుకునేవాళ్లున్నారు. పిడుగుని పిలుస్తుందని ఒకరన్నారు. మన లిఫ్టు గది దానికన్నా ఎత్తు. పిడుగు రావాలనుకుంటే ముందు అక్కడికే వస్తుంది. కర్ర పైన గాలి వేగం చెప్పే మూడు గిన్నెలు తిరుగుతుంటాయి, పక్కన దిక్కు చూపే రేకు. కొంచెం కిందకి, ఒకదాని మీద ఒకటి పేర్చిన తెల్ల పళ్లేల మధ్య ఉష్ణోగ్రత, తేమ కొలిచే సెన్సారు ఉంటుంది. ఎండ తగలకూడదు, గాలి ఆడాలి, అందుకే ఆ పళ్లేలు. ఇక వాన గేజీ. గరాటు కింద తూగుడు బల్లలా రెండు చిన్న గిన్నెలుంటాయి. ఒకటి నిండగానే టక్కుమని ఒరిగి నీళ్లు పారబోస్తుంది, రెండోది పైకొస్తుంది. నా దాంట్లో ఒక్కో టక్కుకి 0.2 మిల్లీమీటర్ల వాన. నిబ్బరంగా పడే వానలో దాని పక్కన కూర్చుంటే ఆ చప్పుడు ఎంత బావుంటుందో! మా ఆవిడకి మాత్రం బావుండదు.

వాయుభారం ఇంట్లో గోడకున్న డబ్బా చూసుకుంటుంది. ఆ డబ్బాయే కొన్ని నిమిషాలకోసారి అన్ని అంకెలనీ వైఫైలో ఇంటర్నెట్టుకి పంపుతుంది. ప్రపంచమంతా ఇలా ఇంటి స్టేషన్ల అంకెలు పంచుకునేవాళ్లున్నారు. 1990లలో అమెరికాలో మొదలైన వెదర్ అండర్‌గ్రౌండ్ ఉంది, 2011లో బ్రిటన్ వాతావరణ శాఖ కూడా వావ్ అని ఒకటి పెట్టింది. మన కాలనీ ఉక్కపోత డల్లాస్‌లో ఉన్న మీ పిల్లలకి కూడా కనబడుతుంది.

దీనివల్ల మాకేంటి అని అడుగుతారు. మూడో అంతస్తు పిన్నిగారిని అడగండి. మాగాయ ముక్కలు ఎండబెట్టే ముందు ఆవిడ నా పేజీలో తేమ ఎంతుందో చూసుకుంటారు. పోయిన వేసవిలో నేను సర్వరు మార్చే పనిలో ఉండి అంకెలు రాకపోతే, పొద్దున్నే తలుపు కొట్టి మరీ అడిగారు. ఇంకో సంగతి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. మన డాబా మూడు వందల చదరపు మీటర్లు అనుకుందాం. పది మిల్లీమీటర్ల మామూలు వానకి మూడు వేల లీటర్లు నేరుగా డ్రైనులోకి పోతున్నాయి. ఏప్రిల్ వస్తే టాంకరు తెప్పించి డబ్బులు కడతాం. ఇది కోశాధికారిగారి కోసం చెప్పాను. మళ్లీ కర్ర దగ్గరికి వస్తున్నాను.

ఇదేదో విదేశీ సరదా అనుకోకండి. ఇంటి దగ్గర వాతావరణం కొలవడం ఈ ఊరి పాత అలవాటు. 1840 ప్రాంతంలో గోడే వెంకట జగ్గారావుగారు మన విశాఖపట్నంలోనే, డాబాగార్డెన్స్‌లో, సొంత ఖర్చుతో నక్షత్రాలు చూసే వేధశాల కట్టించారు. జమీందారీ కుటుంబం వాళ్లు. మద్రాసు అబ్జర్వేటరీలో టేలర్ దొర దగ్గర ఆ విద్య నేర్చుకున్నారు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నర్సింగరావుగారు దాన్ని నడిపారు. నక్షత్రాలతో ఆగకుండా వాన, గాలి, వాయుభారం కొలిచి పట్టికలు అచ్చు వేయించారు. 1874 డిసెంబరు 9న సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడం ఇక్కడినుంచే చూశారు. భారత వాతావరణ శాఖ పుట్టిందే 1875లో. అంటే సర్కారువారికంటే మూడు దశాబ్దాల పైచిలుకు ముందే మన ఊళ్లో ఒక ఇంట్లో ఈ పని మొదలైంది. జగ్గారావుగారిని డాబా మీదకి ఎక్కొద్దన్న అసోసియేషన్ లేదు, అదృష్టవంతుడు.

సరే, సరే. కోపం లేదు.

ఒక్క ఊరికి ఇన్ని స్టేషన్లెందుకు, పేపర్లో వస్తుందిగా అంటారు. పేపర్లోనే చూడండి, విశాఖకి రెండు అంకెలుంటాయి. వాల్తేరు ఒకటి, ఎయిర్‌పోర్టు ఒకటి. వాల్తేరు సముద్రాన్ని ఆనుకుని ఉంది. ఎండాకాలం సముద్రపు గాలి తిరగ్గానే అక్కడ వేడి తగ్గుతుంది, లోపలున్న ఎయిర్‌పోర్టు దగ్గర ఇంకా మాడుతూనే ఉంటుంది. వాన సంగతైతే చెప్పక్కర్లేదు. సింహాచలం కొండకి అటు కుండపోత, ఇటు బట్టలు ఆరేసుకుంటూ ఉంటారు. అమెరికాలో ఫోర్ట్ కాలిన్స్ అనే ఊళ్లో 1997 జూలైలో వరదొచ్చింది. ఊరికి పడమటి అంచున 14 అంగుళాలు దాటి కురిస్తే, తూర్పున 2 అంగుళాలు కూడా లేదు. ఆ దెబ్బకి మరుసటేడే అక్కడివాళ్లు పెరట్లో వాన కొలిచే జనం సంఘం ఒకటి పెట్టారు. చేతిలో ప్లాస్టిక్ గేజీ, రోజూ పొద్దున్నే ఒక అంకె, అంతే. వాన పడని రోజు సున్నా రాసి పంపమని వాళ్లు అడుగుతారు. ఈ సున్నా మాట గుర్తుంచుకోండి.

మనకి హుద్‌హుద్ తుఫాను ఉంది. 2014 అక్టోబరు 12. గంటకి 185 కిలోమీటర్ల గాలి. మధ్యాహ్నం వేళ తుఫాను కన్ను మన మీదుగా పోతున్నప్పుడు గాలి ఆగింది. అయిపోయిందనుకుని చాలామంది వీధిలోకి వచ్చారు. ఆ తర్వాత రెండో దిక్కునుంచి మళ్లీ కొట్టింది. ఆ రోజు వీధి వీధికీ ఒక బారోమీటరు ఉండి, బ్యాటరీ మీద నడిచుంటే, వాయుభారం ఎక్కడ ఎంత పడిందో, కన్ను ఏ కాలనీ మీదుగా ఎన్నింటికి పోయిందో గీత గీసినట్టు తెలిసేది. నేను ఈ పరికరం కొన్నది అందుకే. డాబా మీద అలంకారానికి కాదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. టైమయిపోయిందని చీటీ పంపారు, చూశాను, జేబులో పెట్టుకున్నాను.

రెండేళ్ల కిందట దసరాకి మేము బెంగళూరులో అమ్మాయి ఇంటికి వెళ్లాం. ఆ సమయంలో లైట్ల తోరణం కట్టడానికి కర్ర కావలసి వచ్చింది. ఎవరికి కావలసి వచ్చిందో చెప్పను. కర్ర ఊడదీసి, పరికరాన్ని లిఫ్టు గది మూల గోడకి ఆనించారు. వాన గేజీ పక్కకి పడుకుంది. ఆ వెంటనే బంగాళాఖాతంలో అల్పపీడనం. ముసురు, మన సెల్లారులో మోకాళ్ల లోతు నీళ్లు, మోటారు కాలిపోయింది. మీ అందరికీ గుర్తుంది. గేజీ పడుకుని ఉంది కాబట్టి గిన్నెలు ఒరగలేదు. అది పాడై ఆగిపోయినా బావుండేది. ఆగలేదు. సున్నా, సున్నా, సున్నా అని పంపుతూ పోయింది. మన కాలనీలో చినుకు కూడా పడలేదని ప్రపంచానికి చెప్పింది. గాలి వేగం కూడా సున్నాయే, గోడ చాటున గాలేది?

నేనొచ్చి గోల చేస్తే ఆ పెద్దమనిషి ఏమన్నారో తెలుసా? ‘పక్క కాలనీలో ఇంకొకాయనకి ఇలాంటిదే ఉందిగా మాస్టారూ, ఆయన అంకెలు వేసేసుకోండి, ఎవరు చూడొచ్చారు!’ ఎవరు చూడొచ్చారట. ఆ పక్క కాలనీ కొండకి అటువైపు ఉందండీ!

నా రిజిస్టరులో ఆ రోజుల సున్నాలన్నీ ఎర్ర సిరాతో కొట్టేశాను. ఆ గళ్లు ఖాళీగా ఉన్నాయి. పక్కన ‘గేజీ నిటారుగా లేదు’ అని రాశాను. నా అంకెలు తీసుకునే చోట్లకీ ఆ తేదీలు వాడొద్దని మెయిలు పెట్టాను. ఆ ఏడాది అక్టోబరు మొత్తం వాన ఎంతని అడిగితే నా దగ్గర జవాబు లేదు, ఇక ఎప్పటికీ ఉండదు. సున్నా అంటే నేను చూశాను, వాన లేదు అని. ఖాళీ అంటే నేను చూడలేదు అని. రేపు ఎవరో కుర్రాడు ఈ కాలనీ ముంపు మీద లెక్క వేస్తాడు. ఆ రెండూ కలిసిపోతే, మోకాళ్ల లోతు నీళ్లు ఆకాశంనుంచి కాక పైపు పగిలి వచ్చాయని తేల్చినా తేలుస్తాడు. ముంపు మీద అర్జీ పట్టుకుని వెళ్లేది మనమే కదా, అప్పుడు మన చేతిలో ఏముంటుంది?

పిల్లలూ, ఫోన్లు ఒక్క నిమిషం పక్కన పెట్టండి. దీనికి నాలాగా డబ్బు పోయనక్కర్లేదు. నిలువు గోడల సీసా ఒకటి, స్కేలు ఒకటి చాలు. గోడకీ చెట్టుకీ వాటి ఎత్తుకి కనీసం రెండింతల దూరంలో పెట్టండి. వాతావరణ శాఖ లెక్క పొద్దున్న ఎనిమిదిన్నరకి, మీరూ అప్పుడే చూడండి. చూశాక సీసా వంపేయడం మరవొద్దు. ఎక్కడ పెట్టారో, ఎంత ఎత్తులో ఉందో కూడా రాయండి. నా స్టేషను పేజీలో మొదటి వాక్యమే ‘ఇది అయిదో అంతస్తు డాబా, కింద సిమెంటు శ్లాబు’ అని ఉంటుంది. శ్లాబు రాత్రి కూడా వేడి కక్కుతుంది, గడ్డి మీద పెట్టిన థర్మామీటరుతో దీన్ని పోల్చకూడదు. చదివేవాడికి ఆ సంగతి మనమే చెప్పాలి. గరాటులో కాకి పుల్లలు పెడుతుంది, పావురాలు ఇంకేదో పెడతాయి, సాలీడు గూడు అల్లుతుంది. వారానికోసారి ఎక్కి తుడవాలి. ఇక్కడ ఉప్పు గాలి కాబట్టి గిన్నెల ఇరుసు కూడా పట్టేస్తుంది. ఎక్కడం తప్పదు.

ఎక్కాలంటే తాళం కావాలి. అధ్యక్షా, అందుకే ఇంతసేపు తీసుకున్నాను. దసరా గొడవ అయ్యాక డాబాకి తాళం వేశారు, మంచిదే. కానీ చెవి వాచ్‌మన్ దగ్గరుంటుంది, వాచ్‌మన్ ఎక్కడుంటాడో ఎవరికీ తెలీదు. ఆదివారం జనరల్ బాడీ ఉంది. అజెండాలో రెండు తీర్మానాలు చేర్చమని ఈ సభాముఖంగా కోరుతున్నాను. ఆ కర్రని నాకు చెప్పకుండా ఎవరూ కదపకూడదన్నది మొదటిది. డాబా తాళంచెవి డూప్లికేటు ఒకటి నాకివ్వాలన్నది రెండోది. చేయించే ఖర్చు నేనే పెట్టుకుంటాను. పిన్నిగారు బలపరుస్తానన్నారు.

నమస్కారం.