కాన్సులేట్ పడమటికి తరలినప్పుడు

సభకు నమస్కారం. హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ బేగంపేట నుంచి నగరపు పడమటి అంచుకు తరలడం గురించి ఇవాళ మాట్లాడతాను.

ఒక దేశం మరో దేశపు నగరంలో తన కార్యాలయాన్ని ఎక్కడ పెట్టుకుంటుందన్నది పైకి స్థలం, ఖర్చు, భద్రతలకు సంబంధించిన విషయంగానే కనిపిస్తుంది. అయితే ఆ కార్యాలయం ఎవరికి దగ్గరైంది, ఎవరికి దూరమైంది అని అడిగితే అది మనందరి విషయమవుతుంది. కాన్సులర్ సంబంధాలపై 1963లో కుదిరిన వియన్నా ఒడంబడిక నాలుగో అధికరణం ప్రకారం కాన్సులేట్‌ను, అంటే వీసాలు, వాణిజ్యం వంటి పనులు చూసే విదేశీ కార్యాలయాన్ని, ఏ చోట పెట్టాలన్నా, అక్కడి నుంచి మార్చాలన్నా ఆతిథ్య దేశం అంగీకారం కావాలి. అదే ఒడంబడిక ఐదో అధికరణం వాణిజ్య, ఆర్థిక, సాంస్కృతిక సంబంధాలతో పాటు వైజ్ఞానిక సంబంధాలను పెంపొందించడాన్నీ కాన్సులేట్ విధుల్లో చేర్చింది. అంటే వీసా ఇవ్వడం ఎంత పనో, ఈ ఊరి ప్రయోగశాలలతో పరిచయం పెంచుకోవడమూ అంతే పని.

పరాయి ప్రభుత్వపు కార్యాలయం నగరపు అంచున వెలసిన అనుభవం హైదరాబాద్‌కు కొత్తది కాదు. నిజాం దర్బారులో బ్రిటిష్ రెసిడెంట్‌గా, అంటే ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 19వ శతాబ్దపు తొలి ఏళ్లలో కట్టించిన రెసిడెన్సీ, కోటగోడల లోపలి నగరానికి ఆవల, మూసీ ఉత్తరపు ఒడ్డున కోఠీలో వెలసింది. దాని ఆసరాతో వర్తకులు, సాహుకార్లు చేరగా రెసిడెన్సీ బజార్ ఏర్పడింది. ఇవాళ్టి సుల్తాన్ బజార్ అదే. 1857 జులైలో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో జనం దాడి చేసిందీ ఆ భవనం మీదే. స్వాతంత్ర్యానంతరం అదే భవనం ఆడపిల్లల కళాశాల అయింది. ఆ మార్పు ఈ నగరానికి దక్కిన గొప్ప గౌరవమని నా అభిప్రాయం.

ఇక మన కాలానికి వస్తాను. అమెరికా కాన్సులేట్ జనరల్ 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో మొదలైంది. నిజాం కాలపు ప్రభువులైన పైగా వంశీకుల ఆ పాత మహలు పేరుకు తగ్గ అందమైనదే గాని, ఏటేటా పెరిగిపోయే వీసా దరఖాస్తుదారుల కోసం కట్టినది కాదు. 2023 మార్చిలో కాన్సులేట్ నానక్‌రామ్‌గూడలోని ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు, సుమారు 12 ఎకరాల ప్రాంగణంలో 34 కోట్ల డాలర్లతో కట్టిన సొంత భవనంలోకి తరలింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా మూడూ దాని పరిధిలోనివే.

ఈ తరలింపును ఐటీ కంపెనీల ఆకర్షణగా మాత్రమే చెప్పుకుంటే అది సగం నిజమే అవుతుంది. 1998 ఆగస్టులో కెన్యాలోని నైరోబీ, టాంజానియాలోని దారుస్సలాం నగరాల్లో ఉన్న అమెరికా రాయబార కార్యాలయాలపై బాంబు దాడులు జరిగాయి. ఆ తర్వాత 1999లో ఆ దేశం చేసిన చట్టం, విదేశాల్లో కొత్తగా కట్టే దౌత్య భవనానికీ దాని ప్రహరీకీ మధ్య కనీసం 100 అడుగుల ఖాళీ ఉండాలని నిర్దేశించింది. పాత నగరాల నడిబొడ్డున అంత ఖాళీ దొరకడం కష్టం. నగరం కొత్తగా పెరుగుతున్న అంచుల్లోనే దొరుకుతుంది. హైదరాబాద్‌లో ఆ అంచు పడమటి వైపున ఉంది. 1998లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల మీదుగా ఆ అంచు జరుగుతూ వచ్చింది. ట్రిపుల్ ఐటీ, బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ, మైక్రోసాఫ్ట్, 2019లో తెరిచిన అమెజాన్ ప్రాంగణం, 2022లో రాయదుర్గంలో ప్రారంభమైన, స్టార్టప్‌లకు ఆసరా ఇచ్చే టీ-హబ్ కొత్త భవనం, అన్నీ ఆ దారిలోనివే.

ఇరుగుపొరుగు వల్ల లాభం లేదని నేను అనను. బ్రిటన్ తన బోస్టన్ కాన్సులేట్‌ను నదికి అవతల, ఎంఐటీ సాంకేతిక విశ్వవిద్యాలయం పక్కనే ఉన్న కెండాల్ స్క్వేర్‌లో పెట్టుకుంది. డెన్మార్క్ 2017లో సాంకేతిక రంగానికే ప్రత్యేకంగా ఒక రాయబారిని నియమించి సిలికాన్ వ్యాలీకి పంపింది. పరిశోధకుడు, పెట్టుబడిదారుడు, అధికారి ఒకే వీధిలో తిరుగుతుంటే, ఉత్తరాల్లో నెలలు పట్టే పని ఒక మధ్యాహ్నంలో తేలిపోవచ్చు.

నా ఆందోళన వేరు. హైదరాబాద్ విజ్ఞానమంతా పడమటనే లేదు. 1944లో మొదలై ఐఐసీటీగా ఎదిగిన రసాయన పరిశోధన సంస్థ తార్నాకలో ఉంది. జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ, భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ హబ్సిగూడ దారిలో ఉన్నాయి, ఉస్మానియా విశ్వవిద్యాలయం వాటి పక్కనే ఉంది. టీకాలు తయారయ్యే జీనోమ్ వ్యాలీ శామీర్‌పేట వైపున ఉంది. శాంతా బయోటెక్నిక్స్ కథ మీకు తెలిసిందే. హెపటైటిస్-బి టీకాను దిగుమతి చేసుకోక తప్పని, దాని ధర సామాన్యుడికి అందని రోజుల్లో, 1993లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి ఆ సంస్థను స్థాపించారు. ఉస్మానియాలో, సీసీఎంబీలో దొరికిన కాస్త చోటులో పరిశోధన సాగించి, దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసిన) హెపటైటిస్-బి టీకాను 1997లో తీసుకొచ్చారు. తొలినాళ్లలో ఆ సంస్థకు పెట్టుబడి ఇచ్చి నిలబెట్టినవారిలో నాటి ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ ఒకరు. దౌత్యానికీ ఆవిష్కరణకూ మధ్య ఈ ఊళ్లో కుదిరిన ఫలవంతమైన బంధాల్లో దాన్ని ముందు వరసలో చెప్పుకోవాలి. అప్పటికి ఇక్కడ సైబర్ టవర్స్ కూడా పూర్తికాలేదు. ఇన్నోవేషన్ డిస్ట్రిక్ట్ (ఆవిష్కరణల పేట) అని ఎవరూ బోర్డు పెట్టని చోట, ఇరుకైన ప్రయోగశాలలో జరిగిన పని అది. నానక్‌రామ్‌గూడకు చేరిన అధికారి కిటికీలోంచి కనిపించే అద్దాల భవనాలే హైదరాబాద్ అనుకుంటే, అలాంటి పని మళ్లీ జరుగుతున్నా ఆయన కంటపడదు.

రెండో సంగతి వీసా కోసం వచ్చేవారిది. ఏ పనిదినం ఉదయమైనా ఆ గేటు ముందు రోడ్డు మీద కాసేపు నిలబడి చూడండి. లోపలికి సెల్‌ఫోన్ తీసుకెళ్లనివ్వరు గనుక, కూతురి ఫోను, చేతిసంచి పట్టుకుని ఒక తండ్రి రోడ్డు పక్కన నిలబడి ఉంటాడు. లోపల ఇంటర్వ్యూ ఎంతసేపు పడుతుందో ఆయనకు తెలియదు, అడగడానికి ఫోను తన చేతిలోనే ఉంది. శ్రీకాకుళం నుంచో బరంపురం నుంచో రాత్రంతా రైల్లో వచ్చిన మనిషి ఆయన. కూర్చోవడానికి బెంచీ, తాగడానికి నీళ్లు, ఎండకు నీడ ఆయన అడిగే గొంతెమ్మ కోరికలు కావు. బేగంపేటకైతే రైలు, మెట్రో రెండూ దగ్గర. ఇక్కడికి రాయదుర్గంలో మెట్రో దిగి, ఆటోవాడు అడిగినంత ఇవ్వాలి. తరలింపు సమయంలో వేలిముద్రలు, ఫొటో తీసే కేంద్రాన్ని హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోనే ఉంచడం చాలా సరైన నిర్ణయం. ఇంటర్వ్యూకు వచ్చేవారి విషయంలోనూ అంతే శ్రద్ధ చూపవలసింది.

ఆతిథ్య దేశం అంగీకారం కావాలని ఒడంబడికే చెబుతోంది గనుక, అంగీకరించేటప్పుడు మన వైపు నుంచి చేయవలసింది కూడా ఉంటుంది. రేపు మరో దేశం తన కాన్సులేట్‌కు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనో కోకాపేటలోనో స్థలం అడిగితే, స్థలంతో పాటు గేటు బయట వేచి ఉండే చోటు కూడా నక్షాలో ఉందో లేదో ప్రభుత్వం చూడాలి. రాయదుర్గం మెట్రో స్టేషన్ నుంచి కాన్సులేట్ వేళలకు కుదిరేలా ఆర్టీసీ బస్సులు నడపడానికి కొత్త చట్టాలేవీ అక్కర్లేదు. ఇక దౌత్యాధికారులకు నా విన్నపం ఒకటే: నెలకు ఒక రోజైనా మీ సైన్స్, వాణిజ్య విభాగాల వారు తార్నాకలోనో హబ్సిగూడలోనో ఒక గది తీసుకుని కూర్చోండి, ముందస్తు అనుమతి లేకుండా పరిశోధక విద్యార్థులను, చిన్న పరిశ్రమల వారిని కలవండి. ఆ గదిని ఇవ్వడానికి ఉస్మానియా విశ్వవిద్యాలయం ముందుకు రావాలని, ఈ సభలో ఉన్న అక్కడి అధ్యాపకులు ఆ ప్రతిపాదనను తమ వైస్ చాన్స్‌లర్ దృష్టికి తీసుకువెళ్లాలని కోరుతున్నాను.