గెంటేసిన క్లబ్బుని జనమే వెనక్కి తెచ్చుకున్నారు: సౌత్ సిడ్నీ రాబిటోస్ కథ

[స్క్రీన్ మీద: ఒక ఇత్తడి గంట]

ఈ గంట ఒకసారి చూడండి. 1908 ఏప్రిల్ 20న సిడ్నీలో రగ్బీ లీగ్ పోటీలు మొదలైన రోజు, బర్చ్‌గ్రోవ్ ఓవల్ మైదానంలో మోగిన గంట ఇది. ఆ రోజు అక్కడ సౌత్ సిడ్నీ 11-7 తేడాతో నార్త్ సిడ్నీని ఓడించింది. 91 ఏళ్ల తర్వాత, అదే సౌత్ సిడ్నీ క్లబ్బుని లీగ్ నుంచి తీసేస్తామంటే, కోర్టు ఖర్చుల కోసం విరాళాలు పోగుచేస్తున్న చోట ఈ గంటని వేలం వేశారు. 42,000 డాలర్లకి పాడుకున్నాయన దాన్ని ఇంటికి తీసుకెళ్లలేదు, క్లబ్బుకే ఇచ్చేశాడు. ఆయన పేరు రసెల్ క్రో. అవును, హాలీవుడ్ నటుడే. చిన్నప్పటి నుంచీ ఈ జట్టు అభిమాని.

ముందు ఆట గురించి రెండు ముక్కలు చెప్పేస్తాను. జట్టుకి 13 మంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తాలి, పక్కకో వెనక్కో అందించాలి తప్ప ముందుకి విసరకూడదు. అవతలివాళ్లు కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి పట్టినట్టు పట్టి పడేస్తారు. ఇప్పటి రూల్ ప్రకారం ఆరుసార్లు పట్టుబడితే బంతి వాళ్లదైపోతుంది. చివరి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ‘ట్రై’, దానికి 4 పాయింట్లు. కథకి ఇంత చాలు.

సిడ్నీలో ఉంటున్న మనవాళ్లలో పారమటా, వెస్ట్‌మీడ్ వైపు నుంచి రైల్లో సిటీకి వెళ్లేవాళ్లకి రెడ్‌ఫర్న్ స్టేషన్ తెలిసే ఉంటుంది. ఒకప్పుడు ఆ పక్కనే ఈవ్లీ రైల్వే వర్క్‌షాపులు ఉండేవి. చుట్టూ కార్మికుల ఇళ్లు. అప్పట్లో అక్కడి రగ్బీలో ఆడినందుకు డబ్బులిచ్చేవాళ్లు కాదు, దెబ్బ తగిలి పనికి పోలేకపోతే ఆ కూలి కూడా ఆటగాడే పోగొట్టుకోవాలి. అలెక్స్ బర్డన్ అనే ఆటగాడు వృత్తిరీత్యా మంగలి. రాష్ట్రం తరఫున ఆడుతూ గాయపడితే ఆయనకి ఒక్క పైసా నష్టపరిహారం రాలేదు. ఈ అన్యాయం గురించి మాట్లాడుకోవడానికి 1907లో జనం ఎక్కడ చేరేవాళ్లో తెలుసా? క్రికెట్ అభిమానులు వినండి, విక్టర్ ట్రంపర్ స్పోర్ట్స్ షాపులో. అలా పాత రగ్బీ నుంచి విడిపోయి సిడ్నీలో రగ్బీ లీగ్ మొదలైంది, ఆ గొప్ప బ్యాట్స్‌మన్ ఈ కొత్త లీగ్ పెట్టినవాళ్లలో ఒకడు. ఆ తర్వాత 1908 జనవరి 17న రెడ్‌ఫర్న్ టౌన్ హాల్లో సౌత్ సిడ్నీ క్లబ్బు పుట్టింది, ఆ ఏడాదే మొదటి చాంపియన్ కూడా అయింది.

మరి రాబిటోస్ అన్న పేరెక్కడిది? దీని మీద రెండు మూడు కథలున్నాయి కానీ ఎక్కువగా చెప్పుకునేది ఇది. అక్కడి ఆటగాళ్లలో కొందరు శనివారం పొద్దున్నే ‘రాబిట్-ఓ!’ అని అరుస్తూ వీధుల్లో కుందేలు మాంసం అమ్మేవాళ్లట, అంటే మన వీధుల్లో ‘కూరగాయలోయ్’ అన్నట్టు ‘కుందేళ్లోయ్’ అని. అక్కడికక్కడే కోసి ఇచ్చి, ఆ నెత్తురు మరకల చొక్కాలతోనే మధ్యాహ్నం ఆటకి దిగేవాళ్లట. అవతలి జట్లు వెక్కిరిస్తూ పెట్టిన పేరుని వీళ్లు గుండెకి హత్తుకున్నారు. ఇవాళ్టికీ ఎరుపు, ఆకుపచ్చ జెర్సీ మీద తెల్ల కుందేలు పరుగెడుతూనే ఉంటుంది.

[స్క్రీన్ మీద: 1970 ఫైనల్, కెప్టెన్ శాట్లర్]

1925లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా కప్పు గెలిచిన జట్టిది. 50ల్లో ఐదు, ఆ తర్వాత 1967, 68, 70, 71. ఇందులో 1970 ఫైనల్ ఒక్కటి ఆగి చెప్పుకోవాలి. మ్యాన్లీ జట్టుతో ఆట మొదలైన కాసేపటికే ప్రత్యర్థి గుద్దిన గుద్దుకి కెప్టెన్ జాన్ శాట్లర్ దవడ విరిగింది. ఆయన పక్కనున్నవాణ్ణి అడిగింది ఒక్కటే: నన్ను పట్టుకుని నిలబెట్టు, దెబ్బ తగిలిందని వాళ్లకి తెలియకూడదు. విరిగిన దవడతోనే చివరిదాకా ఆడాడు. 23-12తో గెలిచి, షీల్డు అందుకుని, మైకులో మాట్లాడి, అప్పుడు ఆసుపత్రికి వెళ్లాడు.

1971 తర్వాత అప్పులు మీద పడ్డాయి, మంచి ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 90ల్లో టీవీ హక్కుల కోసం మీడియా కంపెనీల మధ్య పెద్ద గొడవ జరిగి లీగ్ రెండుగా చీలింది, మళ్లీ కలిసేటప్పుడు 2000 నాటికి 14 జట్లే ఉండాలని రాసుకున్నారు. కొన్ని పాత క్లబ్బులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. సౌత్ సిడ్నీ కలవనంది. దాంతో 1999 అక్టోబర్‌లో తీసేశారు. ఆదాయం, ప్రేక్షకుల సంఖ్య, ఫలితాలు లెక్కగట్టి మార్కులేశారు. 91 ఏళ్లుగా ఒక పేట మొత్తం తమదనుకున్న దాన్ని ఆ లెక్కలతో కొలవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఇక్కడే జనం ఉడుంపట్టు పట్టారు. క్లబ్బు మాజీ కెప్టెన్, చైర్మన్ జార్జ్ పిగిన్స్ ముందు నడిచాడు. 2000 నవంబర్‌లో ఫెడరల్ కోర్టులో కేసు ఓడిపోయారు. కేసు పోయిన కొద్ది రోజులకే, నవంబర్ 12న, దాదాపు 80,000 మంది సిడ్నీ రోడ్ల మీద ఊరేగింపుగా నడిచారు. అప్పటికి ఆ సీజన్ మొత్తం వాళ్ల జట్టు ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు, అయినా వచ్చారు. 2001 జూలై 6న అప్పీల్లో 2-1 తేడాతో జడ్జీలు క్లబ్బు వైపు తీర్పిచ్చారు, 2002లో మళ్లీ మైదానంలోకి దిగింది. 2003లో హైకోర్టు, అంటే ఆస్ట్రేలియాలో సుప్రీం లాంటిది, ఆ తీర్పుని కొట్టేసింది కానీ అప్పటికే లోపలికొచ్చిన జట్టుని మళ్లీ ఎవరూ బయటికి పంపలేదు.

వచ్చాక అన్నీ కుదిరిపోయాయా అంటే, లేదు. మొదటి ఐదేళ్లలో మూడుసార్లు అట్టడుగున నిలిచింది. 2006లో రసెల్ క్రో, పీటర్ హోమ్స్-ఎ-కోర్ట్ అనే వ్యాపారవేత్త కలిసి 30 లక్షల డాలర్లకి 75 శాతం వాటా కొంటామన్నారు. దానికి సభ్యుల ఓట్లలో 75 శాతం కావాలి, వచ్చింది 75.8. క్లబ్బుని బతికించిన పిగిన్సే దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. జనం చేతుల్లోంచి క్లబ్బు జారిపోతుందన్న ఆయన భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను, అయినా ఆ డబ్బు లేకపోతే తర్వాత జరిగింది జరిగేది కాదనే అనుకుంటాను.

[స్క్రీన్ మీద: 2014 అక్టోబర్ 5, ఫైనల్]

స్టేడియంలో 83,833 మంది. 43 ఏళ్ల తర్వాత సౌత్ సిడ్నీ ఫైనల్ ఆడుతోంది, ఎదురుగా బుల్‌డాగ్స్. మొదటి నిమిషంలోనే బుల్‌డాగ్స్ ఆటగాడు జేమ్స్ గ్రాహమ్‌తో తలా తలా కొట్టుకుని సౌత్ సిడ్నీ ఆటగాడు శామ్ బర్జెస్ చెంప ఎముక విరిగింది. శాట్లర్ కథ తెలిసినవాళ్లకి ఆ క్షణం ఎలా ఉండి ఉంటుందో ఊహించండి! కన్ను వాచిపోయి మూసుకుపోతున్నా 80 నిమిషాలూ మైదానంలోనే ఉన్నాడు, మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు కూడా అతనే. చివర్లో ట్రై కొట్టింది గ్రెగ్ ఇంగ్లిస్, ఆస్ట్రేలియా ఆదివాసీ బిడ్డ. రెడ్‌ఫర్న్ ఏనాటి నుంచో ఆదివాసీలకి ఆయువుపట్టు లాంటి చోటు. స్కోరు 30-6, కప్పు సౌత్ సిడ్నీది. బంతి గీత అవతల పెట్టేసి, ఇంగ్లిస్ బోర్లా వాలిపోయి, ఒక్కో చెయ్యీ ఒక్కో కాలూ ముందుకి వేస్తూ గడ్డి మీద ఉడుములా పాకాడు.